కుడాలో ఫైల్ ఉన్న వెంచర్‌లో ముందే ప్లాట్ కొనొచ్చా? మా ఇంట్లో జరిగింది

మీరు అడిగింది ఇదీ: హసన్‌పర్తి వైపు ఒక కొత్త వెంచర్ చూశారు, ఫైల్ కుడాలో (లేఅవుట్లకు అనుమతిచ్చే కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, వరంగల్) ఉందట, రెండు నెలల్లో అప్రూవల్ వస్తుందట, ఇప్పుడే సగం కడితే గజానికి రెండు వేలు తగ్గిస్తారట. కట్టొచ్చా, అసలు కుడాలో ఏం చూస్తారు అని.

కట్టకండి. ఎందుకో చెప్పాలంటే మా భూమి సంగతి చెప్పాలి, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి. నేను ప్లాటు కొన్నవాడిని కాదు, భూమి ఇచ్చిన ఇంటివాడిని.

2021లో మా బాపు, పక్క చేన్ల వాళ్లు ముగ్గురు కలిసి 9 ఎకరాలు ఒక డెవలపర్‌కు ఇచ్చారు. అందులో మాది మూడున్నర ఎకరాలు. అగ్రిమెంట్ రాసుకున్న వారానికే రంగురంగుల బ్రోచర్ వచ్చింది. 118 ప్లాట్లు, గేటు, పార్కు, కొబ్బరిచెట్లు, అన్నీ ఉన్నాయి అందులో. ఆ బొమ్మ ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని గీసింది, అప్పటికి కుడా గడప కూడా తొక్కలేదు. కానీ నంబర్లు వేసి ఉంటే మనకు అది నిజం ప్లాటులాగే కనిపిస్తుంది కదా. నేనే మా బావకు ఫోన్ చేసి, మన భూమే కదా బావా, మోసమేముంటది అని చెప్పి 47 నంబర్ కొనిపించా. తూర్పు ఫేసింగ్, కార్నర్. మూడు లక్షలు ఇచ్చాడు. చేతికొచ్చింది ఒక తెల్లకాగితం రసీదు.

తర్వాత ఫైల్ పెట్టారు. అప్పట్లో అంతా టీఎస్ బీపాస్‌లో (అనుమతుల కోసం ఉన్న ప్రభుత్వ వెబ్‌సైట్) ఆన్‌లైనే. పాస్‌బుక్కులు, లింకు డాక్యుమెంట్లు (భూమి చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (భూమి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), సర్వే స్కెచ్, నాలా కన్వర్షన్ ఆర్డర్ పెట్టాలి (వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చేది ఈ నాలా, నీళ్లు పారే నాలా వేరు, మాకు రెండూ తగులుకున్నాయి). మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబర్లు ఏ జోన్‌లో ఉన్నాయో, ఏదైనా పెద్ద రోడ్డు వాటి మీదుగా గీసి ఉందేమో చూస్తారు. ఇక్కడిదాకా మాకు ఇబ్బంది రాలేదు.

ఇబ్బంది స్థలం చూడ్డానికి వచ్చిన రోజు మొదలైంది. కుడా నుంచి వచ్చినాయన గ్రామ నక్ష (సర్వే మ్యాప్) పట్టుకుని చేనంతా తిరిగాడు. పై చెరువు మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు) నుంచి కింది కుంటలోకి పోయే కాలువ ఒకటి నక్షలో మా చేను మధ్యలోంచి పోతున్నట్టు గీసి ఉంది. నేల మీద చూస్తే ఏమీ లేదు, ఏళ్ల తరబడి దున్ని దున్ని చదును చేసేశాం.

"ఈ కాలువ ఏడికి పోయింది పటేలా?" అని అడిగితే మా బాపు, "వానకాలం నాలుగు రోజులు పారుతది సారూ, మిగతా ఏడాదంతా చేనే" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ ఆ నాలుగు రోజుల కోసమే కదా కాలువ ఉన్నది. మన దగ్గర కాకతీయుల నాటి నుంచి చెరువులన్నీ గొలుసుకట్టు, పైది నిండితే కిందిదానికి పోవాల్సిందే, దారి మూస్తే నీళ్లు ఇళ్లలోంచి పోతాయి. 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగినప్పుడు హనుమకొండలో ఉన్నవాళ్లకు ఈ ముక్క నేను చెప్పక్కర్లేదు.

కాలువ పక్కన జాగా వదలాలన్న రూల్ ఎక్కడినుంచో ఊడిపడలేదు. 2012 నాటి జీవో 168లో ఉంది: కాలువ, వాగు, నాలా వెడల్పు 10 మీటర్ల లోపైతే అంచు నుంచి 2 మీటర్లు, అంతకు మించితే 9 మీటర్లు వదలాలి. చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి, అంటే నిండా ఉన్నప్పుడు నీళ్లు నిలిచే గీత నుంచి లెక్క. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు. మా కింది మూల కుంటకు ఆనుకునే ఉంది, అక్కడా కోత పడింది. ఇరిగేషన్ వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెమ్మన్నారు, వాళ్లు మళ్లీ వచ్చి మళ్లీ కొలిచారు.

దీనికి తోడు బాట. బ్రోచర్‌లో 40 అడుగుల రోడ్డు ఉంది, మా చేను దాకా నిజంగా వచ్చేది బండ్ల బాట. మిగతా వెడల్పు పక్కాయన ఇవ్వాలి. పక్కాయన జాగా ఇస్తేనే రోడ్డని ఆ డెవలపర్‌కు ముందే తెలుసు, మాతో ఒక్క మాట అనలేదు.

చివరికి ప్లాను రెండుసార్లు మార్చి గీశారు. 9 ఎకరాలంటే 360 గుంటలు, అందులో పార్కులకూ ఇతర ఉమ్మడి అవసరాలకూ 10 శాతం, అంటే 36 గుంటలు వదిలారు. రోడ్లు, కాలువ, కుంట పక్క జాగా పోగా మిగిలినవి 104 ప్లాట్లు. బావ 47 ఉన్న చోట ఇప్పుడు సగం కాలువ, సగం రోడ్డు. కొత్త ప్లానులోనూ 47 ఉంది, కానీ అది అవతలి చివర, పడమర ఫేసింగ్. "నంబర్ అదే కదా సార్, తీసుకోండి" అన్నాడట ఆఫీసులో కుర్రాడు! ఫైల్ పెట్టినప్పటి నుంచి అప్రూవల్ దాకా 14 నెలలు పట్టింది. బావ డబ్బు నాలుగు విడతల్లో వెనక్కి వచ్చింది, అదీ మా బాపు పోయి కూర్చుంటే. వడ్డీ ఊసే లేదు. అక్క ఇప్పటికీ దసరాకు వచ్చినప్పుడు, "తమ్మీ, మన భూమే కదా, మోసమేముంటది" అని నా మాట నాకే అప్పజెప్తుంది.

అందుకే అంటున్నా, ఫైల్ కుడాలో ఉందంటే లోపలికి పోయిన బొమ్మ బయటికి అలాగే వస్తుందని కాదు. మీకు ఇప్పుడు చూపిస్తున్న నంబరుకు నేల మీద చోటు ఇంకా ఖాయం కాలేదు.

ఇంకో సంగతి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ ఏదైనా రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్టర్ కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. రిజిస్టర్ అయ్యాక కూడా, రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. మిమ్మల్ని సగం అడుగుతున్నారు, ఎంత తప్పో మీరే చూడండి. "ఏమైనా తేడా వస్తే ఎల్‌ఆర్‌ఎస్ కట్టేద్దాం" అని కూడా అంటారు (అనుమతి లేని లేఅవుట్లను ఫీజు కట్టి క్రమబద్ధం చేసుకునే పథకం ఇది). 2020 ఎల్‌ఆర్‌ఎస్ ఆ ఏడాది ఆగస్టు 26కు ముందు రిజిస్టరైన ప్లాట్ల లెక్క, ఇప్పుడు దున్నుతున్న చేనుకు అది వర్తించదు.

వాళ్లు ఎల్పీ నంబర్ (లేఅవుట్ పర్మిట్ నంబర్) చూపించినా అక్కడే ఆగకండి. మొదట వచ్చేది డ్రాఫ్ట్ అప్రూవల్. ఆ తర్వాత రోడ్లు, డ్రైనేజీ, కరెంటు, నీళ్లు పూర్తి చేయాలి, అవి చేస్తారన్న హామీగా 15 శాతం ప్లాట్లు తనఖా పెట్టించుకుంటారు, మా దాంట్లో 16 ప్లాట్లు అలా ఉన్నాయి. రోడ్లు, పార్కు లోకల్ బాడీకి గిఫ్ట్ డీడ్ చేయాలి. అప్పుడు ఫైనల్. మీకు అమ్ముతున్న నంబర్ ఆ తనఖా ప్లాట్లలో ఉందేమో ముద్ర ఉన్న ప్లాను కాపీలో చూసుకోండి. బ్రోచర్‌లో ఎవరూ వేయరు.

మన రాష్ట్ర రెరా వెబ్‌సైట్‌లో వెంచర్ పేరు కొట్టి చూడండి, రెండు నిమిషాల పని. సర్వే నంబర్లు అడిగి తీసుకుని 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉన్నాయేమో చూడండి. నంబర్లు చెప్పడానికే నసిగితే ఇక మాట్లాడేదేం లేదు. వీలైతే గట్టి వాన పడ్డ మర్నాడు అక్కడికి పోయి రండి, సైట్ విజిట్‌కు వాళ్లు పంపే కారులో కాదు, మీ బండి మీద. చుట్టుపక్కల నాట్లేస్తున్న వాళ్లను మత్తడి నీళ్లు ఎటు పోతాయని అడగండి, ఊరికే చెప్తారు. 2023 జూలైలో ఆ పెద్ద వానలప్పుడు మా కాలువ మూడు రోజులు పారింది. బాపు గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి చూశాడు, ఏమీ అనలేదు.

బావ ఆ తర్వాత వేరేచోట ఫైనల్ అయిన లేఅవుట్‌లో 150 గజాలు కొన్నాడు. గజానికి ఎక్కువే పెట్టాడు, కార్నర్ కాదు, ఉత్తరం ఫేసింగ్. నన్ను మాత్రం సలహా అడగలేదు.

సర్వే నంబర్లు దొరికితే ఇక్కడ పెట్టండి, నక్షలో కాలువ గీతలు, బాట గీతలు ఎలా గుర్తుపట్టాలో చెప్తా.