5 లక్షల అప్పుతో బీఎస్సీ బయోటెక్నాలజీ చదివించాలా?

అన్నగారూ, చెల్లెలిని ప్రైవేటు కళాశాలలో బీఎస్సీ బయోటెక్నాలజీలో చేర్చడానికి 5 లక్షల విద్యారుణం తీసుకోవాలా అని అడిగారు. దయచేసి వద్దండి. 10 శాతం వడ్డీతో 7 ఏళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 8,300 రూపాయలు కట్టాలి. చదువుతున్న కాలంలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. అదే డిగ్రీతో నేను ఒక మందుల కంపెనీ నాణ్యతా విభాగంలో చేరినప్పుడు చేతికి వచ్చింది 16,000. గది అద్దె, మెస్ ఖర్చు పోగా, వాయిదా తేదీ దగ్గరపడితే నిద్ర పట్టేది కాదు.

మీరు తెలంగాణలోనే ఉన్నారు కాబట్టి డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే దోస్త్‌లో ప్రభుత్వ డిగ్రీ కళాశాలకే మొదటి ఐచ్ఛికం ఇవ్వండి. నేను చూసినంతలో ఈ రంగంలో జీతం పెరిగేది ఎమ్మెస్సీ తర్వాతే. ఆ సీటుకు పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ర్యాంకు చూస్తారు, డిగ్రీ కళాశాల పేరు కాదు. అప్పు తప్పదనుకుంటే ఎమ్మెస్సీలో చేరేటప్పుడు తీసుకోండి.