తీగ వెళ్లినంత దూరమే చానెల్

(టీవీ ప్రసార వ్యాపారం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు జవాబులు. జవాబులు రాస్తున్నది పదేళ్లు తెనాలి దగ్గర కేబుల్ కంట్రోల్ రూమ్ నడిపి, ఆ తర్వాత ఒక తెలుగు చానెల్ డిస్ట్రిబ్యూషన్ విభాగంలో పనిచేసి రిటైరైన వ్యక్తి.)

ప్రశ్న: నేను బీకామ్ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టుకి ‘మన దేశంలో ప్రైవేటు టీవీ కంపెనీ ఎదుగుదల’ అనే అంశం తీసుకున్నాను. జీ టీవీని ఉదాహరణగా పెట్టుకున్నాను. ప్రైవేటువాళ్లు ఇక్కడినుంచి ప్రసారం చేయడానికే వీల్లేని రోజుల్లో ఆ కంపెనీ అంత పెద్దదెలా అయింది? పుస్తకాల్లో అంతా ‘మంచి కార్యక్రమాలు’ అనే రాశారు. అంతేనా?
— ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: కార్యక్రమాలు ముఖ్యమే బాబూ. కానీ అవి ఇంటిదాకా వెళ్లాలి కదా. నీ ప్రాజెక్టు అక్కడినుంచి మొదలుపెట్టు.

1991లో హాంకాంగ్ నుంచి స్టార్ టీవీ మొదలైంది. ఏషియాశాట్-1 అనే ఉపగ్రహం మీద వచ్చేది. దాని సిగ్నల్ మన దేశం మీద కూడా పడేది, కానీ మన భాషల చానెల్ ఒక్కటీ లేదు. సుభాష్ చంద్ర అప్పటికి టూత్‌పేస్టు ట్యూబుల్లాంటి ప్యాకింగ్ సరుకు చేసే వ్యాపారి. అదే ఉపగ్రహం మీద ఒక ట్రాన్స్‌పాండర్ (సిగ్నల్ అందుకుని మళ్లీ కిందికి పంపే పరికరం) అడిగి, ఏడాదికి 50 లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. అది మామూలు రేటు కంటే బాగా ఎక్కువని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. 1992 అక్టోబరులో జీ టీవీ మొదలైంది. కార్యక్రమాలు ముంబైలో తీసేవారు. ఇక్కడినుంచి ఉపగ్రహానికి సిగ్నల్ పంపడానికి ప్రైవేటువాళ్లకి అనుమతి లేదు కాబట్టి టేపులు విమానంలో హాంకాంగ్ వెళ్లేవి. అక్కడినుంచి పైకి, పైనుంచి మళ్లీ మన ఊళ్లలోని డిష్‌లకి. మన గడ్డ మీదినుంచే అప్‌లింక్ చేసుకునే హబ్బులు పెట్టుకోవడానికి ప్రైవేటువాళ్లకి దారి తెరుచుకున్నది 2000లో.

డిష్‌కి వచ్చిన సిగ్నల్ ఇంట్లోకి ఎలా వెళ్లింది? అది మా పని. దాన్నే పుస్తకాలు వదిలేస్తాయి.

నేను మొదలుపెట్టినప్పుడు మాకు చట్టమే లేదు. కేబుల్ చట్టం 1995లో వచ్చింది. అప్పుడు హెడ్ పోస్టాఫీసుకి వెళ్లి, ఫీజు కట్టి, ఫారం నింపి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం. అంతకుముందు డాబా మీద డిష్, కింద గదిలో రిసీవర్లు, ఒక్కో చానెల్‌ని తీగ మీదికి ఎక్కించే మాడ్యులేటర్లు, ఒక వీసీఆర్. అక్కడినుంచి తీగ కరెంటు స్తంభాల మీదుగా వీధులు దాటేది. దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ పలచబడుతుంది కాబట్టి మధ్యమధ్యలో ఆంప్లిఫయర్ పెట్టాలి. దానికి కరెంటు కావాలి. కంట్రోల్ రూమ్ నుంచి ఇచ్చే స్తోమత మాకు లేదు. అందుకని దగ్గర్లో ఒక ఇంటివాళ్లని బతిమాలి, వాళ్ల ప్లగ్గు నుంచి వైరు లాగేవాళ్లం. బదులుగా ఆ ఇంటికి కనెక్షన్ ఫ్రీ. వాళ్లు పెళ్లికో తీర్థానికో వెళ్తూ మెయిన్ ఆపేసి తాళం వేసుకున్నారంటే వెనకాల వీధి మొత్తం బొమ్మ పోయేది. ఆదివారం సాయంత్రం సినిమా మధ్యలో అలా జరిగితే సైకిలేసుకుని ఆ ఇంటివాళ్ల చుట్టాల కోసం ఊరంతా తిరిగిన రోజులున్నాయి.

అలాంటి గదులు దేశమంతా వేలల్లో వెలిశాయి. వాటిలో చాలావాటిలో టీవీ కంపెనీలు పైసా పెట్టలేదు. సొంత బంగారం కుదువ పెట్టి తీగ లాగింది మాలాంటి వాళ్లం. టీవీ కంపెనీ ఒక దేశంలో వేగంగా పెరగాలంటే అన్నిటికన్నా ఖరీదైన పని ఇంటింటికీ చేరడం. ఇక్కడ ఆ ఖర్చు వేరేవాళ్లు పెట్టుకున్నారు. నీ ప్రాజెక్టులో ఇది తప్పకుండా రాయి.

భాష సంగతి కూడా రాయి. 1993లో విదేశీ మీడియా వ్యాపారి రూపర్ట్ మర్డోక్‌కి చెందిన న్యూస్ కార్పొరేషన్ 52.5 కోట్ల డాలర్లు పెట్టి స్టార్‌లో 63.6 శాతం కొన్నది. జీ ప్రసార సంస్థలో దాదాపు సగం వాటా కూడా ఆ చేతికి వచ్చింది. కానీ ఒప్పందం ప్రకారం స్టార్ హిందీ జోలికి రాకూడదు. ఆ గోడ చాటున జీ హిందీలో ఏళ్ల తరబడి తిరుగులేకుండా పెరిగింది. 1999లో స్టార్ వాటాని సుభాష్ చంద్ర తిరిగి కొనేసుకున్నాడు. దాంతో గోడా పోయింది. 2000 జూలై 3న స్టార్ ప్లస్ పూర్తిగా హిందీకి మారి, అమితాబ్‌తో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ మొదలుపెట్టింది. మొదటిస్థానం జీ చేతిలోంచి జారిపోయింది. భాగస్వామిని వదిలించుకోవడమంటే ఒక పోటీదారుని మన మీదికి వదలడం కూడా. ఈ ఒక్క ఘట్టం మీదే నువ్వు పది పేజీలు రాయొచ్చు.

ప్రశ్న: నెలనెలా డబ్బు కడుతున్నాం. అయినా అన్ని ప్రకటనలెందుకు? సినిమాహాల్లో టికెట్ కొంటే ఇన్ని ప్రకటనలు ఉండవు కదా.
— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: మాస్టారూ, మీ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే నేనొక నిజం ఒప్పుకోవాలి.

పే చానెళ్లు వచ్చినప్పుడు కనెక్షన్‌కి ఇంత అని మేం కంపెనీకి కట్టాలి. మాకు సుమారు 900 ఇళ్లున్నాయి. నేను రాసిచ్చింది 150. పక్క ఊరి ఆపరేటర్ ఇంకా తక్కువ రాశాడు. స్తంభాలెక్కి లెక్కపెట్టేవాడు ఎవడూ లేడు. కంపెనీ మనిషి వచ్చి రెండు వందలకి బేరమాడి వెళ్లేవాడు. ఆ తర్వాత కొన్నేళ్లకి నేనే కంపెనీ మనిషినై, అదే కుర్చీలకి ఎదురుగా కూర్చుని బేరమాడాను. ఆపరేటర్ చెప్పే సంఖ్య అబద్ధమని నాకు తెలుసు, నాకు తెలుసని అతనికీ తెలుసు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మనసుకి కష్టంగానే ఉంటుంది.

మీరు కట్టిన డబ్బులో చానెల్‌దాకా చేరింది చాలా తక్కువ. అందుకే కంపెనీలు ప్రకటనల మీద పడ్డాయి. ప్రకటనల రేటు టీఆర్పీని బట్టి ఉంటుంది. దాన్ని లెక్కగట్టేది కొన్ని వేల ఇళ్లలో పెట్టిన మీటర్లు. 2015 నుంచి ఆ పని బార్క్ అనే సంస్థ చూస్తోంది. మీటరున్న ఇల్లు ఏం చూస్తే అదే దేశం చూసినట్టు. అందుకని ఏ చానెల్ చూసినా ఒకే రకం సీరియళ్లు కనిపిస్తాయి మీకు. గంటకి 12 నిమిషాలకి మించి ప్రకటనలు ఉండకూడదని రూల్స్‌లో ఉంది. అందులో పది నిమిషాలు వ్యాపార ప్రకటనలు, రెండు నిమిషాలు చానెల్ సొంత ప్రచారం. మీ ఇంట్లో గడియారం పెట్టి చూడండి ఒకసారి.

సెట్‌టాప్ బాక్సులు పెట్టించింది ముఖ్యంగా ఆ దొంగ లెక్క ఆపడానికే. హైదరాబాద్, విశాఖలు రెండో విడతలో ఉన్నాయి, గడువు 2013 మార్చి 31. తర్వాత చిన్న ఊళ్లు. బాక్సు వచ్చాక ఇల్లు దాగదు. 2019 ఫిబ్రవరి 1 నుంచి ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి పెట్టింది. మొదటి వంద చానెళ్లకి కనెక్షన్ ఫీజు అప్పట్లో 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. పే చానెల్ కావాలంటే దాని ధర వేరే. ఇప్పుడు మీ డబ్బు చానెల్‌కి చాలావరకు లెక్క ప్రకారమే చేరుతోంది. ప్రకటనలు మాత్రం తగ్గలేదు. ఒకసారి అలవాటైన రాబడిని ఏ కంపెనీ వదులుకోదు. ఈ విషయంలో మీ కోపం న్యాయమైనదే. ట్రాయ్ కొత్త నిబంధనలు తెచ్చేముందు ప్రజల అభిప్రాయాలు అడుగుతుంది. మీలాంటివాళ్లు తప్పకుండా రాయాలి.

ప్రశ్న: తెలుగు చానెళ్లలో చాలావరకు తెలుగువాళ్లవి కావంటున్నారు. ఇలా ఎందుకైంది?
— ఒక గృహిణి, విజయనగరం

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నన్ను కూడా చాలాకాలం బాధపెట్టింది.

1995 మనకి పెద్ద ఏడాది. హీరో కప్ క్రికెట్ ప్రసారం గొడవలో గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది ఆ ఫిబ్రవరిలోనే. అందులో విడిగా తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి మన తెలుగువారు. అదే ఏడాది జెమిని వచ్చింది, ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. అంతవరకు మనకి తెలుగులో దూరదర్శన్ ఒక్కటే.

అప్పట్లో చాలా ఇళ్లలో పన్నెండు చానెళ్లు పట్టే టీవీలే, గిర్రున తిప్పే నాబ్ ఉండేది చూడండి, అవి. నా దగ్గర పన్నెండూ నిండిపోయాయి. ఈటీవీ పెట్టాలంటే ఒకటి తీసేయాలి. ఒక ఇంగ్లీషు చానెల్ మాడ్యులేటర్ పీకి, దాన్నే ట్యూన్ చేసి ఈటీవీకి పెట్టాను. ఆ ఇంగ్లీషు చానెల్ ఏదని ఒక్క ఇల్లు కూడా అడగలేదు. వారం తర్వాత ఒక సాయంత్రం బొమ్మ సరిగా రాకపోతే పాతికమంది ఆడవాళ్లు కంట్రోల్ రూమ్ మెట్ల మీద కూర్చున్నారు. ఒకావిడ చేతిలో ఇంకా గరిటె ఉంది. తెలుగుకి ఎంత ఆకలి ఉందో ఆ సాయంత్రం నాకు అర్థమైంది. మరుసటేడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి ‘పాడుతా తీయగా’ మొదలైంది. పాడే పిల్లలు, వాద్యాలు, ఆయన మాట, అంతే. చానెల్‌కి భారీ సెట్లు అక్కర్లేదని ఆ కార్యక్రమం చూపించింది.

ఆ ఆకలిని బయటివాళ్లూ చూశారు. జెమిని చెన్నై సన్ నెట్‌వర్క్‌ది. 2005లో జీ తెలుగు వచ్చింది. 2002లో పుట్టిన మా టీవీని 2015లో స్టార్ కొనుక్కుంది. దీనికి కారణం డబ్బే. తీగ మీద చోటు తక్కువ, చానెళ్లు ఎక్కువ అయ్యేసరికి ముందు వరసలో పెట్టినందుకు ఆపరేటర్లు చానెళ్ల దగ్గరే డబ్బు తీసుకోవడం మొదలుపెట్టారు. దాన్ని క్యారేజ్ ఫీజు అంటారు. ఒక్క చానెల్ ఉన్నవాడు ఆ బేరంలో నిలబడలేడు. పది పదిహేను చానెళ్లున్న కంపెనీ ‘మా సినిమాల చానెల్ కావాలంటే ఇవన్నీ పెట్టు’ అనగలదు. 2006లో సన్ షేర్లు మార్కెట్‌కి వచ్చినప్పుడు ఒక్కో షేరు 875 రూపాయలకి అమ్ముడై, సుమారు 600 కోట్లు వచ్చాయి. అలాంటి నిధి ముందు ఒంటరి చానెల్ ఎన్నాళ్లు నిలుస్తుంది? ఈటీవీ తెలుగు మాత్రం ఈనాడు గ్రూపు చేతిలోనే నిలిచింది. కానీ వాళ్లు పెంచిన మరాఠీ, కన్నడ, బంగ్లా, గుజరాతీ, ఒడియా చానెళ్లు చేతులు మారి 2015లో కలర్స్ పేరుతో కనిపించాయి. తెలుగు నేల మీదినుంచి అన్ని భాషలకి వెళ్లిన సంస్థ అది. ఆ బోర్డులు మారిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ప్రశ్న: మా ఆయన ఇరవై అయిదేళ్లుగా కేబుల్ నడుపుతున్నారు. కనెక్షన్లు తగ్గుతున్నాయి, పిల్లలు అందరూ ఫోన్లలోనే చూస్తున్నారు. రోజూ టెన్షనే. మానేసి వేరే ఏదైనా చూసుకోమంటారా?
— ఒక చెల్లెలు, జనగామ

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

పెద్దవాళ్లకే కంగారుగా ఉంది. జీ, సోనీ కలుస్తామని 2021లో ప్రకటించి, 2024 జనవరిలో విడిపోయాయి. అదే ఏడాది నవంబరులో రిలయన్స్, డిస్నీ తమ టీవీ, ఓటీటీ వ్యాపారాలు కలిపేశాయి. దాని విలువ 70,352 కోట్లని చెప్పారు. ఒక్కరుగా నిలబడలేమని వాళ్లే అనుకుంటున్నారు. నెలసరి ఖర్చు వద్దనుకున్న ఇళ్లు దూరదర్శన్ ఫ్రీ డిష్‌కి వెళ్తున్నాయి.

కానీ మీ ఆయన దగ్గర ఒకటుంది. అది ఆ కంపెనీలకి ఇవాళ్టికీ లేదు. ఏ సందులో ఏ స్తంభం, ఏ ఇంటి గోడకి మేకు కొట్టనిస్తారు, ఎవరు ఐదో తారీఖున ఇస్తారు, ఎవరు ఇరవైకి ఇస్తారు, ఇదంతా ఆయనకి నోటికి వచ్చు. ఫోన్‌లో చూసే పిల్లలకీ ఇంట్లో వైఫై కావాలి. దానికీ ఎవరో ఒకరు తీగ లాగాలి. కాబట్టి మానేయమని నేను చెప్పను. పాత కోయాక్సియల్ తీగ రిపేర్లకి ఇక డబ్బు తగలెయ్యద్దని చెప్పండి. ఒక్క వీధిలో ఫైబర్ వేసి, పది ఇళ్లకి ఇంటర్నెట్, టీవీ కలిపి ఇచ్చి చూడమనండి. నెల తర్వాత లెక్క చూసుకుని రెండో వీధి. అప్పు తెచ్చి ఊరంతా ఒకేసారి వద్దు.

ఇంకొకటి. ఎమ్మెస్వోతో, అంటే మీ ఆయనకి సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ సంస్థతో, రాతపూర్వకమైన అగ్రిమెంటు ఉందా లేదా అడగండి. ఇద్దరి మధ్యా వేరే ఒప్పందం కుదరకపోతే ఇళ్లవాళ్లు నెలనెలా కట్టే కనెక్షన్ ఫీజులో ఎమ్మెస్వోకి 55, ఆపరేటర్‌కి 45 శాతం అని ట్రాయ్ నిబంధన. చాలామంది నోటిమాట మీద నడిపి ఇంకా తక్కువకే సర్దుకుంటున్నారు. ఆ కాగితం బీరువాలో ఉంటే బయటికి తీసి, ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని చదవండి. అర్థంకాని చోట గీత గీసి, ఆ పేజీ ఫొటో ఈ పత్రిక చిరునామాకి పంపండి, నేను చూసి రాస్తాను.