ఆదివారం కూడా లేచే నాయన

"నాన్న మీద మిమ్మల్ని కదిలించిన కవిత ఏది?" అని అడిగారు. నాకు ఒక్కటే. రాబర్ట్ హేడెన్ అనే అమెరికా కవి రాసిన ‘దోజ్ వింటర్ సండేస్’. 14 పాదాలే. ఆ తండ్రి ఆదివారాలు కూడా చీకటితోనే లేచి, పగిలిన చేతులతో నిప్పు రాజేసి ఇల్లు వెచ్చబెడతాడు. ఎవరూ ఒక మంచి మాట చెప్పరు. ఇల్లు వేడెక్కాక కొడుకుని పిలుస్తాడు. ఆ ఇంటి కోపాలకు భయపడుతూ లేచిన కొడుకు ముభావంగా మాట్లాడతాడు. ఆ ‘కూడా’ ఒక్కటి చాలు, మిగతా ఆరు రోజులూ ఆ మనిషి ఏం చేసేవాడో తెలిసిపోతుంది.

మాది నెల్లూరు వైపు. నాయన వెల్డింగ్ పనికి వచ్చి చెన్నై వ్యాసర్‌పాడిలో ఉండిపోయాడు. 2003లో ఊరంతా నీళ్ల కరువు. లారీ అర్ధరాత్రి దాటాక ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. నాయన రాత్రి పదింటికే బిందెలు వరసలో పెట్టి, వాటి పక్కనే గోడకి ఆనుకుని కునుకు తీసేవాడు. లారీ వచ్చాక పది బిందెలు రెండో అంతస్తుకి మోసేవాడు. పొద్దున ఏడింటికి మళ్లీ షాపు.

నాకప్పుడు పదో తరగతి. ఒక రాత్రి స్టీలు బిందెల చప్పుడుకి మెలకువొచ్చి, "రేపు నాకు పరీక్షని తెలీదా? ఏంది నాయనా ఈ గోల!" అని అరిచాను. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి చప్పుడు లేదు. ఎందుకు లేదో కూడా నేను ఆలోచించలేదు. చాన్నాళ్లకు ఒక రాత్రి దాహమై లేస్తే కనిపించింది. గుమ్మం నుంచి వంటింటి దాకా గోనెపట్టాలు పరిచి, వాటి మీద ఒక్కో బిందె మెల్లగా దించుతున్నాడు.

హేడెన్ చివర్లో ‘నాకేం తెలుసు, నాకేం తెలుసు’ అని రెండుసార్లు అంటాడు. అక్కడ నేను ప్రతిసారీ ఆగిపోతాను.

ఫాదర్స్ డే రాగానే వాట్సాప్‌లో నాన్న కొవ్వొత్తి, నాన్న వటవృక్షం అని తిరిగేవి నాకు అసలు పడవు. వాటిలో నాన్న చేతులు ఉండవు. నాన్న మీద కవితంటే ఆయన చేసిన పని కనపడాలి, లేకపోతే అది కవితే కాదు. హేడెన్ కవితలో ప్రేమకన్నా ఆ ఇంటి కోపాలే ఎక్కువ అనేవాళ్లతోనూ నేను ఒప్పుకోను. మా ఇంట్లోనూ కోపాలుండేవి. నీళ్లూ ఉండేవి.

2019లో జోలార్‌పేట నుంచి రైలులో చెన్నై విల్లివాక్కానికి నీళ్లు తెస్తుంటే నాయన టీవీలో చూశాడు. లేచి వెళ్లి బాత్రూం కుళాయి ఇంకాస్త బిగించి వచ్చాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదు. పోయిన నెల ఈ కవితను తెలుగులో చెప్పాను. చివరిదాకా విని, "వాళ్లు కాల్చింది కట్టెలా, బొగ్గులా?" అని అడిగాడు.