రేట్స్ బిల్లు వచ్చాక కాదు, బడ్జెట్ కుదరక ముందు మాట్లాడు

చి.సౌ. స్రవంతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు రెండూ చూశాను. ఒకటి రేట్స్ నోటీసు, అంటే ఇక్కడి ఇంటిపన్ను బిల్లు. రెండోది మీ ఇంటి ముందు నేచర్ స్ట్రిప్ మీద, అంటే రోడ్డు పక్కన ఉండే గడ్డి పట్టీ మీద, చెట్టు నాటుతామని కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) వాళ్లు పంపిన ఉత్తరం. "ఇంత డబ్బు కట్టించుకుని, నన్నడక్కుండా నా గుమ్మం ముందు చెట్టు పెడతారా?" అన్నావు. అడిగారమ్మా. ఆ ఉత్తరమే అడగడం. రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఈ నెల 24 లోపు అభిప్రాయం చెప్పమని ఉంది. ఈ ఆస్ట్రేలియాలో అడగడం అంటే ఇలాగే ఉంటుంది. ఎవరూ తలుపు కొట్టరు, కాగితం పంపిస్తారు. జవాబు రాకపోతే అభ్యంతరం లేదనుకుని గొయ్యి తవ్వుతారు.

ముందు డబ్బు సంగతి చూద్దాం. అల్లుడు "ఇంటి విలువ పెరిగింది కాబట్టి బిల్లు పెరిగింది" అన్నాడట. మెల్బోర్న్‌లో పాతికేళ్లుగా ఉంటున్నవాళ్లు కూడా ఇదే మాట అంటారు. లెక్క అలా నడవదు. మెల్బోర్న్ ఉన్న ఈ విక్టోరియా రాష్ట్రంలో ప్రతి కౌన్సిలూ ఈ ఏడాది రేట్స్ మీద మొత్తం ఎంత రాబట్టాలో ముందు తేల్చుకుంటుంది. ఆ పెంపుదలకి 2016-17 నుంచి రాష్ట్ర ప్రభుత్వం పరిమితి పెట్టింది. మొదటి ఏడాది 2.5 శాతం. కోవిడ్ రోజుల్లో, 2021-22లో, 1.5 శాతానికి దించారు. 2025-26కి 3 శాతం. ఇంకా కావాలనుకునే కౌన్సిల్ ఎసెన్షియల్ సర్వీసెస్ కమిషన్‌ అనే రాష్ట్ర నియంత్రణ సంస్థ దగ్గరికి వెళ్లి, ఎందుకు కావాలో చూపించి ఒప్పించుకోవాలి. మీ ఇంటి విలువ ఆ తర్వాతే లెక్కలోకి వస్తుంది, తేలిన మొత్తంలో ఎవరి వాటా ఎంత అని పంచడానికి.

ఊళ్లో ఇళ్లన్నీ సమానంగా పది శాతం పెరిగాయనుకో, నీ వాటా మారదు. విలువలో డాలరుకి ఇంత అని వేసే రేటును కౌన్సిల్ ఆ మేరకు తగ్గిస్తుంది. ఊరి సగటు కంటే నీ ఇల్లు ఎక్కువ పెరిగితే నీ బిల్లు ఎక్కువ పెరుగుతుంది, తక్కువ పెరిగితే బిల్లు తగ్గినా తగ్గొచ్చు. 3 శాతం పరిమితి ఉన్నది సగటు మీద, ఏ ఒక్క ఇంటి బిల్లు మీదా కాదు. "మూడన్నారు, నాకు ఇంతెలా పెరిగింది?" అని ఫోన్ చేసేవాళ్లకి కౌంటర్లో పిల్ల చెప్పే సమాధానం ఇదే. వినే ఓపిక ఎవరికీ ఉండదు.

మీకు మరీ అంత పెరగడానికి వేరే కారణం ఉంది. పోయినేడు మీ పేరు మీద ఉన్నది ఖాళీ స్థలం. ఇక్కడ చాలా కౌన్సిళ్లు స్థలం, కట్టడం కలిపిన మొత్తం విలువ మీద రేట్స్ వేస్తాయి. ఇల్లు పూర్తయ్యాక మళ్లీ విలువ కట్టారు, దాంతో పెరిగింది. ఆంధ్రాలో కూడా 2021 నుంచి ఆస్తి విలువ మీదే ఇంటిపన్ను వేస్తున్నారు, మీ నాన్నని అడిగితే ఆ బాధ గంటసేపు చెబుతాడు.

నోటీసులో ఇంకో రెండు వరసలు చూడు. చెత్త తీసుకెళ్లే చార్జీ విడిగా ఉంటుంది, దానికి పైన చెప్పిన పరిమితి వర్తించదు. ఎమర్జెన్సీ సర్వీసెస్ అండ్ వాలంటీర్స్ ఫండ్ అని ఇంకొకటి ఉంది. 2025 జూలై దాకా దాన్ని ఫైర్ సర్వీసెస్ లెవీ అనేవాళ్లు. అది రాష్ట్ర ప్రభుత్వం డబ్బు, కౌన్సిల్ వసూలు చేసి ఇస్తుందంతే. దాని మీద కోపం ఉంటే రాష్ట్ర శాసనసభలో ఉన్న మీ ఎంపీకి రాయి, కౌన్సిలర్‌కి రాస్తే పోస్ట్‌బాక్సుని తిట్టినట్టే.

విలువ తప్పుగా కట్టారనిపిస్తే నోటీసు వచ్చిన రెండు నెలల్లోపు అభ్యంతరం పెట్టొచ్చు, దానికి ఫీజు లేదు. ఏడాది మొదట్లో, అంటే జనవరి 1 నాటికి, ధర ఎంత అన్నదే వాళ్లు చూస్తారు. ఆ రోజులకి దగ్గరగా మీ వీధిలో మీలాంటి ఇళ్లు ఎంతకి అమ్ముడయ్యాయో కాగితాలు పెట్టగలిగితేనే ఆ పని చెయ్యి. బిల్లు ఎక్కువైందన్న బాధ ఒక్కటీ సరిపోదు. అభ్యంతరం నడుస్తున్నా గడువుకి కట్టాల్సింది కట్టాలి. నాలుగు వాయిదాల్లో కట్టొచ్చు: సెప్టెంబర్ 30, నవంబర్ 30, ఫిబ్రవరి 28, మే 31. ఇబ్బందిగా ఉంటే తేదీ దాటాక కాదు, ముందే ఫోన్ చేసి పేమెంట్ ప్లాన్ అడుగు. సిగ్గుపడకు, వాళ్లకి అది రోజూ ఉండే పనే. ఆలస్యమైతే వడ్డీ పడుతుంది.

ఇక చెట్టు. నీ అభ్యంతరాలు మూడు రాశావు: గుమ్మానికి ఎదురుగా ఉంటే ద్వారవేధ, వాస్తు దోషం అని అత్తగారు అంటున్నారు, వేళ్లు పునాది పగలగొడతాయి, ఆకులు ఊడ్చలేం. మూడూ ఒక్క గాటన కట్టకు.

ఆకుల సంగతి రాస్తే చదివి పక్కన పెడతారు. ద్వారవేధ అని రాస్తే వాళ్లకి అర్థం కాదు, కానీ నీక్కావలసింది అడగడానికి ఆ మాట అక్కర్లేదు. "గుమ్మానికి నేరుగా కాకుండా డ్రైవ్‌వేకి అవతలి పక్కకి జరపండి" అని, ఎక్కడికో ఫొటో మీద గుర్తు పెట్టి పంపు. నాటక ముందైతే రెండు మూడు మీటర్లు జరపడానికి సాధారణంగా ఒప్పుకుంటారు. వీధి దీపానికి, నీటి మీటరుకి, మలుపుకి ఎంత దూరం ఉండాలో వాళ్ల నియమాలు వాళ్లకుంటాయి. ఆ దూరాలు దాటకుండా చోటు చూపిస్తే ఇద్దరికీ పని తేలిక. నాటేశాక మాత్రం అది కౌన్సిల్ ఆస్తి. కొమ్మ నరికినా, మొదట్లో మందు పోసినా జరిమానా పడుతుంది. మీ మేస్త్రీ ఎవరో "రాత్రి పని చూస్తా" అన్నాడన్నావు, ఆ మాట ఇంట్లో మళ్లీ రానివ్వకు.

పునాది భయం మాత్రం కొట్టిపారేసేది కాదు. మెల్బోర్న్ పడమట అంతా అగ్నిపర్వతపు రాతి మీద ఏర్పడిన బంకమన్ను. మన నల్లరేగడి లాగే తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. టార్నీట్, మెల్టన్ వైపు కొత్త ఇళ్లలో స్లాబ్ (ఇంటి కింద వేసే కాంక్రీటు పునాది) కదిలి గోడలు పగిలిన కేసులు పేపర్లలో చాలా వచ్చాయి. చెట్టు వేళ్లు కాంక్రీటుని గుద్ది పగలగొట్టవు, ఒక పక్క మట్టిలోని తడిని లాగేస్తాయి. దాంతో నేల ఒకవైపు కుంగుతుంది. పూర్తిగా పెరిగిన చెట్టు ఎంత ఎత్తు ఉంటుందో ఇంటి గోడకీ దానికీ దాదాపు అంత దూరం ఉండాలని ఇక్కడి ఇంజినీర్లు చెప్పే లెక్క. మీ ఇల్లు వీధికి ఎంత దగ్గరో టేపు పెట్టి కొలువు. ఆరు మీటర్లు ఉండి, వాళ్లు నాటేది పదిహేను మీటర్లు ఎదిగే రకమైతే, "ఈ మట్టికి, ఈ దూరానికి చిన్న రకం కావాలి" అని రాయి. ఆ వాక్యానికి ఆఫీసర్ జవాబు చెప్పి తీరాలి. మీ సాయిల్ రిపోర్టు ఇల్లు కట్టినప్పటి ఫైల్లో ఉంటుంది, ఆ పేజీ కూడా జత చెయ్యి.

రకం పేరు ఉత్తరంలో వైట్ సీడర్ అని ఉంది. అది మన తురకవేపే. ఆస్ట్రేలియాలోనూ సహజంగా పెరుగుతుంది, చలికాలంలో ఆకు రాల్చి ఎండ రానిస్తుంది, వేసవిలో నీడనిస్తుంది. పడమటి ఎండకి మంచి చెట్టు. కాయలు మాత్రం విషం, చంటిదాన్ని నోట్లో పెట్టుకోనివ్వకు. కాయలు లేని రకాలు కూడా అమ్ముతారు, అవి వేయగలరా అని అడుగు. వీధంతా ఒకే రకం వేస్తున్నారా అని కూడా అడుగు. నగరం నడిబొడ్డుని చూసుకునే సిటీ ఆఫ్ మెల్బోర్న్ కౌన్సిల్ వాళ్లు 2012 ప్రణాళికలో ఒకే జాతి 5 శాతం, ఒకే ప్రజాతి 10 శాతం, ఒకే కుటుంబం 20 శాతం దాటకూడదని నియమం పెట్టుకున్నారు. తెగులు వస్తే వీధి మొత్తం ఒక్క ఏడాదిలో బోసిపోకుండా. వాళ్లే చెట్లకి తలా ఒక ఈమెయిల్ అడ్రస్ ఇచ్చారు, కొమ్మ విరిగితే చెప్పమని. జనం చెట్లకి ప్రేమలేఖలు రాశారు!

చెట్టే వద్దని మాత్రం రాయకు. 2009 ఫిబ్రవరి 7న మెల్బోర్న్‌లో 46.4 డిగ్రీలు. మేం విజయవాడ మే నెల చూసినవాళ్లమే, అయినా ఆ ఉత్తరపు గాలికి నీడ లేని వీధిలో నిలబడలేకపోయాం. దానికి ముందు జనవరి చివర్లో వచ్చిన వడగాలుల్లో విక్టోరియాలో మామూలు కంటే 374 మంది ఎక్కువ చనిపోయారు, వాళ్లలో ఎక్కువ మంది ముసలివాళ్లు. తూర్పున డాండెనాంగ్ కొండల మీద కురిసే వానలో సగం కూడా మన పడమటి వైపు కురవదు. అందుకే ఇటు చెట్లు తక్కువ, ఉన్నవి ఎదగడం కష్టం. 2025లో వచ్చిన ప్లాన్ ఫర్ విక్టోరియాలో పట్టణ ప్రాంతాల్లో 30 శాతం నేల చెట్ల నీడలో ఉండాలని లక్ష్యం పెట్టారు. పైనుంచి చూస్తే నేలలో ఎంత భాగం ఆకుల కింద ఉందో అది. మన కొత్త ఎస్టేట్లు, అంటే కొత్త ఇళ్ల లేఅవుట్లు, దానికి చాలా దూరం. కంచె నుంచి కంచెకి ఇల్లు కట్టుకుంటే పెరట్లో చెట్టుకి చోటెక్కడ? మిగిలేది ఆ నేచర్ స్ట్రిప్పే. (పెరట్లో చెట్టున్నవాళ్లకి కూడా ఇప్పుడు జాగ్రత్త అవసరం. 2025 సెప్టెంబర్ మార్పు తర్వాత నివాస ప్రాంతాల్లో 5 మీటర్లు దాటిన పెద్ద చెట్లలో చాలావాటికి పర్మిట్ లేకుండా రంపం పెట్టకూడదు.)

నేను నీకు చెప్పదలచుకున్న అసలు సంగతి ఇక్కడుంది. రేట్స్ గురించి అరిచేవాళ్లు వేరు, చెట్ల గురించి అరిచేవాళ్లు వేరు అనుకుంటారు. రెండూ ఒకే కాగితంలో కలుస్తాయి, అది కౌన్సిల్ బడ్జెట్. బిల్లు ఆగస్టులో వస్తుంది, అందరికీ కోపం అప్పుడే వస్తుంది. కానీ ఆ బిల్లు జూన్ 30 లోపే ఖాయమైపోయింది. డ్రాఫ్ట్ బడ్జెట్ ఏప్రిల్, మే నెలల్లో జనం ముందు పెడతారు. అప్పుడు మన వీధిలో ఒక్కరూ చూడరు. ఉగాది అయిపోయాక కౌన్సిల్ వెబ్‌సైట్లో వెతకాలని ఫోన్లో రిమైండర్ పెట్టుకో.

అందులో ఏం చూడాలి? ఎన్ని మొక్కలు నాటుతారన్న అంకె చూసి మురిసిపోవద్దు. ఫొటోల కోసం నాటడం సులువు, ఖర్చూ తక్కువే. మొదటి రెండు వేసవులు నీళ్లు పోయడమే అసలు ఖర్చు. ఆ డబ్బు కోసేస్తే మొక్క చస్తుంది, మళ్లీ ఏడాది అదే గోతిలో ఇంకోటి నాటి దాన్ని కూడా కొత్త మొక్కగా లెక్కేస్తారు. నువ్వు అడగాల్సిన ప్రశ్నలు: "పోయినేడు నాటినవాటిలో ఎన్ని బతికాయి? నీళ్లకి, సంరక్షణకి ఈ బడ్జెట్లో ఎంత ఉంది? మన సబర్బ్ వాటా ఎంత?" ఇంకో మాట. కొత్త ఎస్టేట్‌లో మొదట వీధి చెట్లు నాటేది డెవలపర్. సాధారణంగా రెండేళ్లు వాళ్లే చూసి తర్వాత కౌన్సిల్‌కి అప్పగిస్తారు. ఆ గడువులో ఎండిపోయినవి మార్చాల్సింది వాళ్లే, నీ రేట్స్ డబ్బుతో కాదు. అప్పగింతకి ముందే మీ ఎస్టేట్‌లో ఎండిపోయినవన్నీ ఫొటోలు తీసి కౌన్సిల్‌కి పంపండి.

రాయడం ఎలాగంటావా? ఒక పేజీ దాటనివ్వకు. ఒకే ఉత్తరాన్ని వాట్సాప్ గ్రూపులో పంచి నలభై మంది పేర్లు మార్చి పంపితే ఆఫీసర్ రిపోర్టులో అది ఒక వాక్యం అవుతుంది. నలుగురు నాలుగు వేరు విషయాలు రాస్తే నాలుగు జవాబులు రాయాలి. నువ్వు మట్టి గురించి రాయి, ఎదురింటి వాళ్లు బస్టాపు దగ్గర నీడ లేదని రాయాలి, అత్తగారు సాయంత్రం నడవడానికి ఎండ ఎలా ఉందో చెప్పాలి. ఆవిడకి ఇంగ్లీషు రాదని ఆగకండి. 131 450కి ఫోన్ చేసి తెలుగు అంటే దుబాసీని లైన్లోకి తెచ్చి కౌన్సిల్‌తో మాట్లాడిస్తారు. ఆన్‌లైన్ సర్వేలో "మీకు చెట్లంటే ఇష్టమా?" లాంటి ప్రశ్నలుంటాయి, టిక్కు పెట్టి వదిలెయ్యకు. కింద ఖాళీ పెట్టె ఉంటుంది, అసలు విషయం అందులో రాయి. రాసింది మీ వార్డు కౌన్సిలర్‌కి కూడా పంపు. వాళ్లకి వచ్చే ఉత్తరాల్లో సగం చెత్తబుట్టల గురించే ఉంటాయి కాబట్టి నీది చదువుతారు.

మీరింకా పీఆర్ (శాశ్వత నివాస వీసా) మీదే ఉన్నారు కదా, మాకు ఓటు లేదుగా అనుకుంటున్నారు. రాష్ట్ర, దేశ ఎన్నికల్లో లేదు. విక్టోరియా కౌన్సిల్ ఎన్నికల్లో మాత్రం అక్కడే ఉంటూ రేట్స్ కట్టే ఇంటి యజమానులు సిటిజెన్లు కాకపోయినా దరఖాస్తు పెట్టి జాబితాలో చేరొచ్చు. దానంతటది రాదు, కౌన్సిల్‌ని అడిగి ఫారం నింపాలి. జాబితాలో చేరాక ఓటు వెయ్యడం తప్పనిసరి. పోయినసారి 2024 అక్టోబర్‌లో పోస్టులో జరిగాయి, మళ్లీ 2028లో. ఇళ్లు కొన్న మనవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నీ గ్రూపులో అడిగి చూడు.

24వ తేదీ లోపు పంపాల్సిన జవాబు ఆదివారానికల్లా రాసి నాకు పంపు. టేపుతో కొలిచిన దూరం, సాయిల్ రిపోర్టు పేజీ, గుర్తు పెట్టిన ఫొటో మర్చిపోకు. కోపంగా ఉన్న వాక్యాలు నేను కొట్టేస్తాను.

అల్లుడికి, చంటిదానికి ఆశీస్సులు.

మీ పెద్దమ్మ