జర్మనీలో ఏకాదశి ఏ రోజు?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద వచ్చాయి. తిరుపతి, చిత్తూరు కాలేజీల నుంచి ఒక సెమిస్టర్ చదువు కోసం బయటి దేశాలకు పోతున్న పిల్లలు, పోయి వచ్చినవాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు పూజ గురించీ ప్రార్థన గురించీ అడిగారు. ఆ ఐదారు నెలల్లో చదువు ఎంత వంటబడుతుందో చెప్పలేం గానీ, ఇంట్లో అవ్వ చేయమంటే చేసినదేదో, మనసారా చేసినదేదో మాత్రం తేలిపోతుంది. అందుకే ఈ ప్రశ్నలను చిన్నవిగా చూడలేదు. చోటు చాలక ఐదింటికే జవాబులిస్తున్నాం.

ప్రశ్న: అక్టోబరు మొదటి వారంలో జర్మనీ వెళ్తున్నాను. అప్పటికి పెరటాసి (తమిళ నెల) శనివారాలు ఇంకా రెండు మిగిలే ఉంటాయి. ఆ నెలంతా మా ఇంట్లో మాంసం ముట్టం, శనివారం ఒంటిపూట. అక్కడ హాస్టల్ గదిలో దీపం పెట్టుకోవచ్చా? ఏకాదశి మన క్యాలెండరు చూసి చేస్తే సరిపోతుందా?
– విద్యార్థిని, తిరుపతి

జవాబు: ముందు దీపం సంగతి చూద్దాం తల్లీ. విద్యార్థుల హాస్టళ్ళలో గదిలో నిప్పు వెలిగించనివ్వరు. గది ఒప్పందంలోనే ఆ మాట ఉంటుంది, సంతకం పెట్టే ముందు చదువుకోండి. జర్మనీలో పడుకునే గదికి పొగను పసిగట్టే అలారం తప్పనిసరి. పైకప్పుకు బిగించిన ఆ తెల్ల డబ్బాలో సన్నటి వెలుగు ఒకటి ఉంటుంది. మామూలప్పుడు అది లోపలి సెన్సర్ మీద పడదు. పొగ రేణువులు చేరగానే వాటికి తగిలి వెలుగు చెదురుతుంది, సెన్సర్ మీద పడుతుంది, అలారం మోగుతుంది. అగరుబత్తి పొగకూ పరుపు అంటుకున్న పొగకూ దానికి తేడా తెలియదు. కిటికీ తెరిచి ఒక్క పుల్ల వెలిగిస్తే ఏమవుతుందిలే అనుకోవద్దు. వేడి పొగ కిటికీ వైపు పోదు, తిన్నగా పైకే పోతుంది. కొన్ని భవనాల్లో అలారం నేరుగా అగ్నిమాపక కేంద్రానికి కలిపి ఉంటుంది, వాళ్ళు ఊరికే వచ్చిపోయిన ఖర్చు మీమీద పడవచ్చు. అలారానికి ప్లాస్టిక్ కవరు కట్టి దీపం పెట్టేవాళ్ళూ ఉన్నారు. అది మాత్రం చేయకండి, ఆ భవనంలో వందల మంది నిద్రపోతుంటారు.

బ్యాటరీతో వెలిగే చిన్న దీపం పెట్టుకోండి. అది లోటు అని మేం అనుకోం. పువ్వు, ఒక పండు, గ్లాసు నీళ్ళు, పది నిమిషాలు చాలు. అసలు నూనె దీపం చూడాలనిపిస్తే గుడికి పోవచ్చు. హామ్ పట్టణంలో శ్రీలంక తమిళులు కట్టుకున్న కామాక్షి అమ్మవారి ఆలయం ఉంది, 2002లో ప్రతిష్ఠ జరిగింది. గోపురం, అర్చన పద్ధతి మన చిత్తూరు వైపు వాళ్ళకు కొత్తగా ఉండవు.

ఇక ఏకాదశి. మన క్యాలెండరు చూస్తే సరిపోదు. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. అది మొదలయ్యే క్షణం ప్రపంచమంతటికీ ఒక్కటే. కానీ ఏ రోజుకు ఏ తిథి అన్నది ఆ ఊరి సూర్యోదయాన్ని బట్టి తేలుతుంది. ఒక లెక్క చూడండి. తిరుపతిలో మంగళవారం ఉదయం 9 గంటలకు ఏకాదశి వచ్చి, బుధవారం ఉదయం 10 దాకా ఉందనుకుందాం. ఇక్కడ బుధవారం తెల్లవారేటప్పటికి ఏకాదశి ఉంది కాబట్టి ఉపవాసం బుధవారం. చలికాలంలో జర్మనీ మనకంటే నాలుగున్నర గంటలు వెనక. కాబట్టి అక్కడ అదే ఏకాదశి మంగళవారం తెల్లవారుజామున 4:30కి వచ్చి, బుధవారం 5:30కే వెళ్ళిపోతుంది. డిసెంబరులో అక్కడ పొద్దు పొడిచేది 8 దాటాక. మంగళవారం పొద్దు పొడుపుకు ఏకాదశి ఉంది, బుధవారానికి ద్వాదశి వచ్చేసింది. అంటే మీరు మంగళవారం ఉండాలి, మీ అమ్మ బుధవారం ఉంటుంది. ఇద్దరిదీ సరైనదే. వైష్ణవ సంప్రదాయం వాళ్ళు సూర్యోదయానికి 4 ఘడియల ముందు, అంటే 96 నిమిషాల ముందు దశమి తగలకుండా ఉందా అని కూడా చూస్తారు. పై లెక్కలో 6:24కి ఏకాదశే ఉంది కాబట్టి చిక్కు లేదు. పంచాంగం యాప్‌లో ఊరి పేరు మార్చడం మరిచిపోవద్దు, తప్పు అక్కడే జరుగుతుంది. మార్చి చివరి ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, అప్పటి నుంచి తేడా మూడున్నర గంటలే.

తిరుమలలో తెల్లవారుజాము 3 గంటల సుప్రభాతం చలికాలంలో అక్కడ ముందురోజు రాత్రి 10:30. పడుకునే ముందు వినవచ్చు. ధనుర్మాసంలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తుంది, ఏదో తప్పు ప్రసారం అనుకోకండి.

తిండి విషయంలో ఒక్క జాగ్రత్త. అక్కడ శాకాహారం అని రాసినదాంట్లో గుడ్డు ఉండవచ్చు. కూరగాయల సూపును మాంసం ఉడికించిన నీళ్ళతో కాచే అలవాటూ ఉంది. జెల్లీ మిఠాయిల్లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జెలాటిన్, పర్మెజాన్ చీజ్‌లో దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ ఉంటాయి. పెరటాసి శనివారాల వరకూ వేగన్ (పాలు, గుడ్డు కూడా లేని) గుర్తు ఉన్నవే కొనుక్కుంటే చదివే శ్రమ తగ్గుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి జనవరిలో అమెరికా పోతున్నాడు, వాడి స్నేహితుడు ఫ్రాన్స్‌కు. కర్పూరం, అక్షతలు, ఇంటి నెయ్యి, లడ్డు ప్రసాదం సర్దుతున్నాను. ఇంకేమైనా పెట్టాలా?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: పెట్టడం కంటే తీసేయవలసినవే ఎక్కువున్నాయమ్మా. కర్పూరం తేలిగ్గా అంటుకునే పదార్థం, విమానంలో చేతి సంచీలోనూ పెద్ద పెట్టెలోనూ పనికిరాదు. ఎండుకొబ్బరి చిప్పలు కూడా పెట్టెలో పెట్టకండి, నూనె ఎక్కువ ఉండి తనంతట తానే వేడెక్కే సరుకుగా వాటిని చూస్తారు. అక్షతలకు పసుపు కలిపినా అవి బియ్యమే. ధాన్యాన్ని తినే ఖప్రా పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికులు తెచ్చే బియ్యాన్ని అమెరికా రానివ్వదు. అక్కడి బియ్యం గుప్పెడు తీసుకుని, చిటికెడు పసుపు, ఒక బొట్టు నెయ్యి కలిపితే అక్షతలే కదా. పసుపు, కుంకుమ మాత్రం కంపెనీ ప్యాకెట్లలోనే పంపండి, పొట్లం కట్టిన పొడి అధికారికి అనుమానం తెస్తుంది.

ఫ్రాన్స్ పోయే అబ్బాయికి నెయ్యి ఇవ్వకండి. ఐరోపా సమాఖ్య దేశాలు ప్రయాణికుల దగ్గర మాంసం, పాల పదార్థాలు రానివ్వవు. ప్రసాదం పెడితే ఏ దేశమైనా సరే, అడిగిన ఫారంలో ఉందని రాయమనండి. రాస్తే మహా అయితే తీసుకుంటారు. దాచితే జరిమానా. రుద్రాక్ష, తులసి పూసలు కూడా గింజ, చెక్క కిందికే వస్తాయి, ముఖ్యంగా ఆస్ట్రేలియా పోయేవాళ్ళు తప్పక చూపించాలి.

ప్రశ్న: మాది సి.ఎస్.ఐ. సంఘం. ఒక సెమిస్టర్ ఇంగ్లండులో మతాల చరిత్ర చదవబోతున్నాను. అక్కడ ఏ చర్చికి వెళ్ళాలి? యెషయా గ్రంథాన్ని ఒక్కరు రాయలేదని అక్కడ పాఠం చెబుతారట. విశ్వాసం చెదురుతుందేమోనని మా అమ్మకు భయం.
– విద్యార్థిని, చిత్తూరు

జవాబు: దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1947 సెప్టెంబరు 27న ఏర్పడినప్పుడే ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ శాఖలను కలుపుకుంది. కాబట్టి అక్కడి ఆంగ్లికన్ చర్చి అయినా, మెథడిస్టు చర్చి అయినా మీకు పరాయిది కాదు. మీ పాస్టరుగారి దగ్గర బాప్తిస్మం, సభ్యత్వం తెలిపే పత్రం ఇంగ్లీషులో తీసుకోండి. మొదటి మూడు ఆదివారాలు మూడు చర్చిలు చూసి, నాలుగో వారం నుంచి ఒకదాంట్లోనే కూర్చోండి. వారానికొక చర్చి తిరిగితే మీరు రాలేదని అడిగే మనిషి ఒక్కరూ ఉండరు.

ఆరాధన గంటలో అయిపోవచ్చు, కీబోర్డు, డ్రమ్ముల బదులు ఆర్గాన్ ఉండవచ్చు, వచ్చినవాళ్ళలో ఎక్కువమంది పెద్దవయసు వాళ్ళు ఉండవచ్చు. అక్కడ భక్తి లేదని మొదటి వారమే తేల్చేయకండి. ప్రభురాత్రి భోజనంలో ఆంగ్లికన్లు అసలు ద్రాక్షారసమే (వైన్) ఒకే గిన్నెతో ఇస్తారు. మద్యం ముట్టని ఇంటి పిల్లలకు ఇక్కడ చేయి వణుకుతుంది. రొట్టె మాత్రమే తీసుకున్నా సంస్కారం పూర్తయినట్టే, గిన్నె దగ్గరికి రాగానే తల వంచి ముందుకు నడవండి. బ్రిటన్ మెథడిస్టులు మాత్రం మత్తు లేని రసమే వాడతారు.

పాఠం విషయానికొస్తే, యెషయాలో 1–39, 40–55, 56–66 అధ్యాయాలు వేర్వేరు కాలాలవని చాలామంది పండితులు చెబుతారు. 40వ అధ్యాయం దగ్గర యూదులు బబులోనులో చెరలో ఉన్న నేపథ్యం కనిపిస్తుంది, 45లో పారసీక రాజు కోరెషు పేరే వస్తుంది, ఆ రెండూ యెషయాకు తర్వాతి కాలపువి, వాదం ప్రధానంగా అక్కడి నుంచి నడుస్తుంది. ఎప్పుడు, ఎవరు రాశారన్నది ఒక ప్రశ్న. 'నా జనులను ఓదార్చుడి' అన్న మాట మీకేం చేసిందన్నది వేరే ప్రశ్న. నోటుబుక్కులో రెండింటికీ వేర్వేరు పేజీలు పెట్టండి. ఒకే పేజీలో రాస్తే, మొదటిదానికి వచ్చిన జవాబును రెండోదానికి అంటగడతారు. చాలామంది బెదిరిపోయేది అక్కడే. మీ అమ్మగారితో ఫోన్‌లో పాఠం చర్చించకండి, ఆ వారం చదివిన అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి.

ప్రశ్న: పోలండ్‌లోని క్రాకోవ్‌లో సెమిస్టర్ చదివి వచ్చాను. ఈ ప్రయాణం నీ విశ్వాసాన్ని ఎలా మార్చిందో 4 పేజీలు రాయమని కాలేజీ అడిగింది. నవంబరు తర్వాత నేను సంధ్యావందనం మానేశాను. అక్కడి చర్చిలో కూర్చుంటే మాత్రం హాయిగా ఉండేది. ఇది రాస్తే నాన్న కుమిలిపోతారు. ఏం రాయాలి?
– విద్యార్థి, తిరుపతి

జవాబు: జ్ఞాపకం మీద ఆధారపడి రాయకండి బాబూ. తిరిగి వచ్చాక జ్ఞాపకం అన్నిటినీ పెద్దవి చేస్తుంది, లేదా సిగ్గుతో చిన్నవి చేస్తుంది. ఫోన్‌లో ఫోటోల తేదీలు, అమ్మకు పంపిన మెసేజీలు, కార్డుతో కట్టిన డబ్బుల జాబితా ముందు పెట్టుకోండి. ఒక పెద్ద కాగితం మీద వారాలన్నీ వరసగా గీసి, ఏ వారం సంధ్య చేశారు, ఏ వారం చర్చిలో కూర్చున్నారు, పక్కన ఎవరున్నారు, ఇవి నింపండి. గుర్తులేని వారాలను ఖాళీగా వదిలేయండి.

తర్వాత మానేసిన వారం దగ్గర ఆగండి. క్రాకోవ్‌లో డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. సాయంసంధ్య వేళకు మీరు క్లాసులో ఉండి ఉంటారు. ప్రాతఃసంధ్యకు ఆ చలిలో లేవలేక మానేశారా, గదిలో తోడున్న కుర్రాడు చూస్తే సిగ్గనిపించిందా, మంత్రం మీదే నమ్మకం పోయిందా? ఈ మూడూ ఒకటి కావు. చలికి మానేసినవాడు నాస్తికుడైపోయానని రాసుకుంటే అది అబద్ధమే. నిజంగానే సందేహం వచ్చి ఉంటే, ఏ రోజు, ఏ మాట విన్నాక వచ్చిందో రాయండి. పరీక్షించే ఉపాధ్యాయుడికి కావలసింది ఆ వివరమే. 'అన్ని మతాలూ ఒక్కటేనని తెలుసుకున్నాను' అన్న వాక్యం ఇండియాలో కూర్చునీ రాయవచ్చు, దాన్ని కొట్టేయండి.

చర్చి గురించి దాచకండి. కానీ అక్కడ ఏముందో రాయండి. మీరు కూర్చున్నది నగరం నడిబొడ్డున ఉన్న మరియమ్మ బసిలికా అయితే, గంటగంటకూ గోపురం మీది నుంచి బూర ఊది, పాట మధ్యలో టక్కున ఆపేయడం విని ఉంటారు. ఆ ఆగిన చోట మీకేమనిపించింది? రాతి చల్లదనమా, మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగకపోవడమా? ఆ నిశ్శబ్దాన్ని తిరుమల క్యూలో 'జరగండి జరగండి' అన్న కేకలతో పోల్చడం న్యాయం కాదు. పోల్చాలంటే ఇక్కడి నిశ్శబ్దంతో పోల్చండి. ఒక మామూలు పనిదినం తెల్లవారుజామున గోవిందరాజస్వామి గుడిలో అరగంట కూర్చుని వచ్చి, ఆ తర్వాత మూడో పేజీ మొదలుపెట్టండి. విడవాలా ఉండాలా అన్న పెద్ద నిర్ణయం ఈ కాగితంలో అక్కర్లేదు. వచ్చి రెండు నెలలైనా కాకముందు అసలే వద్దు.

నాన్నగారికి మాత్రం కాలేజీకి ఇచ్చే ముందే చెప్పాలి. భోజనాల దగ్గర, బంధువుల ముందు వద్దు. అలిపిరి నుంచి ఇద్దరూ నడిచి వెళ్ళండి. మూడున్నర వేల మెట్లు, మూడు నాలుగు గంటల దారి, ఎదురెదురు కూర్చోకుండా పక్కపక్కన నడుస్తూ మాట్లాడుకోవచ్చు. మొదటి నిటారు మెట్లు దాటి ఊపిరి కుదురుకున్నాక, ఇప్పటికీ చేస్తున్నదేదో ముందు చెప్పి, మానేసినది తర్వాత చెప్పండి. ఆయన మౌనంగా ఉండిపోతే దాన్ని కోపం అనుకోకండి, పైకి చేరేదాకా సమయం ఇవ్వండి.

ప్రశ్న: అక్టోబరు నుంచి మార్చి దాకా బెర్లిన్‌లో ఉంటాను. 2027 రంజాన్ అక్కడే. పరీక్షలూ అప్పుడే. రోజు మరీ పొడుగవుతుందా? ఖిబ్లా (నమాజుకు తిరగవలసిన దిక్కు) ఎటు?
– విద్యార్థి, పలమనేరు

జవాబు: భయపడకండి. నెలవంకను బట్టి ఫిబ్రవరి రెండో వారం దగ్గర మొదలవుతుంది. అప్పుడు బెర్లిన్‌లో సాయంత్రం 5:10 ప్రాంతంలోనే ఇఫ్తార్, ఉపవాసం పలమనేరు కంటే కాస్త తక్కువే. నెల చివరికి ఇంచుమించు సమానమవుతుంది. పొడుగు రోజుల కష్టం మే, జూన్ నెలల్లో వచ్చే రంజాన్‌లకు. సాయంత్రం పరీక్ష ఉంటే రెండు ఖర్జూరాలు, నీళ్ళ సీసా తీసుకువెళ్ళడానికి ముందే అనుమతి అడగండి. ఇక్కడ పడమటికి తిరిగే అలవాటు మీది, అక్కడ ఖిబ్లా ఆగ్నేయం. ఫజర్ (వేకువ నమాజు) వేళ యాప్‌కూ మసీదు పట్టికకూ తేడా వస్తుంది, సూర్యుడు దిగంతానికి ఎన్ని డిగ్రీల కింద ఉంటే వేకువ అన్న లెక్క ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. దగ్గరి మసీదు పట్టికనే నెలంతా పాటించండి. జుమా (శుక్రవారం మధ్యాహ్న నమాజు) వేళకు క్లాసు పడితే సెమిస్టర్ మొదటి వారంలోనే ఆ అధ్యాపకుడికి రాసి, వేరే బ్యాచ్ ఉందేమో కనుక్కోండి. వారాలు గడిచాక అడిగితే సీట్లు నిండిపోతాయి.