ముందు బిల్డింగ్, ఆ తర్వాతే బ్రోకరేజ్

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. చేతిలో రెండు ఆఫర్లున్నాయనీ, ఒకటి ఆఫీసులు, షాపులు అద్దెకి కుదిర్చే కమర్షియల్ బ్రోకరేజ్ కంపెనీదనీ, ఇంకొకటి ఆఫీసు బిల్డింగులు చూసుకునే ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ కంపెనీదనీ, డబ్బెక్కువని మీ నాన్నగారు మొదటిదే మంచిదంటున్నారనీ రాశావు. బావగారి మాటకి అడ్డం చెప్పడం నాకు కొత్తేమీ కాదు కాబట్టి సూటిగానే చెప్తాను. రెండోదాంట్లో చేరు. రెండు మూడేళ్లు బిల్డింగు నడపడం నేర్చుకో. ఆ తర్వాత బ్రోకరేజ్‌లోకి వెళ్లాలనిపిస్తే హాయిగా వెళ్లు.

ఎందుకంటావా? బ్రోకర్ పని లీజు మీద సంతకాలు పడేదాకా. మేనేజర్ పని ఆ మర్నాడు మొదలవుతుంది. లీజులో తొందరపడి రాసిన ఒక్క వాక్యం ఐదేళ్లో పదేళ్లో ఎవరో ఒకరిని పీడిస్తూనే ఉంటుంది. ఆ పీడ ఎలా ఉంటుందో రోజూ చూసేది మేనేజరే. అది చూసి వచ్చిన బ్రోకర్ ఎవరో, చూడనివాడెవడో క్లయింటు పది నిమిషాల మాటల్లో పట్టేస్తాడు.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకుందాం, బావగారి వాదన అదే కదా. ఓనర్ ఇచ్చే కమీషన్ 100 అనుకో. టెనెంటు తరఫున ఇంకో బ్రోకర్ ఉంటే సగం అటు పోతుంది. మిగిలిన 50లో కంపెనీ తన వాటా తీసుకుంటుంది. కొత్తగా చేరినవాళ్లకి అందులో సగం దక్కినా మంచి ఒప్పందమే, అంటే 25. సీనియర్‌తో కలిసి చేసిన డీల్ అయితే ఆ 25లోనూ పంపకం. పైగా చాలాచోట్ల సగం సంతకం రోజున, మిగతా సగం టెనెంటు దిగాకో అద్దె మొదలయ్యాకో ఇస్తారు. పెద్ద ఆఫీసు లీజులో మొదటి ఫోన్ నుంచి డబ్బు చేతికందేసరికి ఏడాది దాటడం మామూలే. అంతకాలం ఇల్లు గడిచే డబ్బు పక్కన లేనివాళ్లు, స్వతహాగా మంచివాళ్లైనా సరే, ఆ టెన్షన్‌లో క్లయింటుకి సరిపోని చోటు అంటగడతారు. ఇక మార్కెట్ పడిపోతే, 2008లోనూ 2020లోనూ చూశాం, కొత్త లీజులు ఆగిపోతాయి. బిల్డింగులు ఆగవు. సగం ఖాళీగా ఉన్న బిల్డింగుకి మంచి మేనేజర్ అవసరం ఇంకా ఎక్కువ.

చేరిన మొదటి వారంలోనే బిల్డింగు మొత్తం తిరుగు. లాబీ అందరూ చూసేదే, అది వదిలెయ్. టెక్నీషియన్‌ని తోడు తీసుకుని కింద పంపు రూము నుంచి పైన టెర్రస్ దాకా వెళ్లు. ఫైర్ పంపు ప్యానెల్ మీద స్విచ్ ఆటోలో ఉందా, మాన్యువల్‌లో ఉందా చూడు. ఎప్పుడో రిపేరు కోసం మాన్యువల్‌లో పెట్టి, మళ్లీ తిప్పడం మర్చిపోయిన బిల్డింగులు తగులుతూనే ఉంటాయి. అలా వదిలేస్తే, నిప్పంటుకుని స్ప్రింక్లర్లు తెరుచుకుని పైపుల్లో ప్రెషర్ పడిపోయినా పంపు దానంతటది స్టార్ట్ అవదు. ప్యానెల్‌కి కరెంటు ఉన్నట్టు చూపే లైటు మాత్రం చాలాచోట్ల వెలుగుతూనే ఉంటుంది, అందుకే చాలామందికి అనుమానం రాదు. ఎలక్ట్రికల్ రూములో అట్టపెట్టెలు పేర్చారేమో, ఎమర్జెన్సీ మెట్ల తలుపుకి ఎవరైనా తాళం వేశారేమో చూడు. టెర్రస్ మీద వాననీళ్లు పోయే గొట్టాల నోళ్లు చెత్తతో మూసుకుపోయాయేమో చూడు. పై అంతస్తు టెనెంటు సీలింగ్ మీద మరకలకి చాలాసార్లు అదే మూలం. అన్నీ తేదీ వేసి రాసుకో. ఆ టెక్నీషియన్‌తో మర్యాదగా ఉండు. డ్రాయింగుల్లో లేని వాల్వు ఎక్కడుందో ఆయనకే తెలుసు.

ఆ తర్వాత లీజులు చదవడం మొదలుపెట్టు. సారాంశం పట్టుకుని సరిపెట్టుకోవద్దు, అసలు కాగితాలే చదువు. ఒక్కో లీజునీ నీ మాటల్లో ఒక పేజీలోకి దించు: గడువు ఎప్పుడు తీరుతుంది, పొడిగించుకునే హక్కుందా, మధ్యలో వదిలేసే వీలుందా, అద్దె ఎప్పుడెప్పుడు ఎంత పెరుగుతుంది, సబ్‌లీజుకి ఓనర్ అనుమతి కావాలా, ఖాళీ చేసేటప్పుడు చోటు ఏ స్థితిలో అప్పగించాలి. ఈ ఆఖరిది సంతకాల రోజున ఎవరూ పట్టించుకోరు. ఐదేళ్ల తర్వాత పార్టిషన్లూ, సీలింగ్ పైన లాగిన కేబుళ్లూ తీయించే ఖర్చు ఎవరిదని గొడవ మొదలైనప్పుడు అందరూ ఆ పేజీ కోసమే వెతుకుతారు. పొడిగింపు నోటీసు తేదీలు క్యాలెండర్‌లో ఎక్కించి, వాటికి నెల ముందు ఇంకో గుర్తు పెట్టుకో. గడువుకి 9 నెలల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలని ఉంటే, ఒక్కరోజు ఆలస్యమైనా టెనెంటు ఆ హక్కు పోగొట్టుకోవచ్చు. అప్పుడు అద్దె ఎంతో చెప్పేది ఓనరే. గడువు తీరాక కూడా ఖాళీ చేయకుండా కూర్చుంటే అద్దె ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో కట్టాలని చాలా లీజుల్లో ఉంటుంది.

విస్తీర్ణం దగ్గర మాత్రం నెమ్మదిగా చదువు. అద్దె కట్టే చదరపు అడుగులు వేరు, కుర్చీలు వేసుకోగలిగే చదరపు అడుగులు వేరు. లాబీ, కారిడార్, టాయిలెట్లలో వాటా కలిపి మొదటిది లెక్కవేస్తారు. అమెరికాలో బిల్డింగ్ ఓనర్లు, మేనేజర్ల సంఘమైన బోమా 1915లోనే ఈ కొలతకి ఒక ప్రమాణం ప్రచురించిందంటే, అంతకుముందు ఎవరికి తోచినట్టు వాళ్లు కొలిచి ఎంత తగువులాడుకునేవారో ఊహించుకో. నీ క్లయింటుకి నిజంగా కావాల్సింది 8,500 అడుగులు అనుకుందాం. మొదటి బిల్డింగులో అంత చోటు రావాలంటే 10,000 అడుగులకి అద్దె కట్టాలి, అడుగుకి 100. మొత్తం 10,00,000. రెండోదాంట్లో 9,200 అడుగులు తీసుకుంటే సరిపోతుంది, రేటు 105. మొత్తం 9,66,000. రేటు ఎక్కువున్న బిల్డింగే చవక. ఇది తెలియని బ్రోకర్ 105 చెప్పిన ఓనర్‌తో బేరమాడి 102కి తెచ్చానని గొప్పగా చెప్పుకుంటాడు కానీ, రెండు బిల్డింగుల్నీ పక్కపక్కన పెట్టి చూపించడు.

అద్దెలేని నెలలు కూడా ఇలాంటివే. 60 నెలల లీజులో 6 నెలలు ఉచితమంటే, 100 అన్న అద్దె సగటున 90కి దిగినట్టు. మరి ఓనర్ నేరుగా 90 అని ఎందుకు రాయడు? బిల్డింగు అమ్మేటప్పుడో, బ్యాంకు దగ్గర అప్పు తీసుకునేటప్పుడో లీజులో 100 అని కనిపించాలి గనక. బిల్డింగు ధర కట్టేది దాని నికర ఆదాయం మీదే. ఏడాదికి వచ్చే నికర ఆదాయాన్ని మార్కెట్‌లో నడుస్తున్న క్యాప్ రేటుతో, అంటే కొనేవాళ్లు పెట్టిన ధర మీద ఏడాదికి ఆశించే రాబడి శాతంతో, భాగిస్తారు.

ఈ లెక్క మేనేజర్‌కి బ్రోకర్ కంటే ఎక్కువ ఉపయోగం. ఏసీకి నీళ్లు చల్లబరిచే చిల్లర్ యంత్రాలు సరిగ్గా నడిపి, లైట్లు మార్చి ఏటా 8 లక్షల కరెంటు ఖర్చు మిగిల్చావనుకో. క్యాప్ రేటు 8 శాతమైతే ఓనర్ ఆస్తి విలువ కోటి పెరిగినట్టు. ఓనర్ ముందు ఇలా మాట్లాడగలిగిన మేనేజర్‌ని ఫోన్లెత్తే మనిషిగా ఎవరూ చూడరు. కాకపోతే ఒక మెలిక ఉంది. కరెంటు, మెయింటెనెన్స్ అన్నీ అద్దెలోనే కలిసి ఉన్న గ్రాస్ లీజు అయితేనే ఆ ఆదా ఓనర్‌ది. పన్ను, బీమా, మెయింటెనెన్స్ మూడూ టెనెంటే భరించే ట్రిపుల్ నెట్ లీజులో ఆ 8 లక్షలు టెనెంట్లకి పోతాయి. అదీ మంచిదే, టెనెంట్లు వదలకుండా ఉంటారు. కానీ ఓనర్‌కి కోటి అని చెప్పేముందు లీజు ఏ రకమో చూసుకో.

ఏడాది చివర మెయింటెనెన్స్ ఖర్చుల సర్దుబాటు వస్తుంది. ఏడాది మొదట్లో అంచనా వేసి నెలనెలా వసూలు చేస్తారు, చివర్లో అసలు ఖర్చుతో పోల్చి, వసూలు ఎక్కువైతే తిరిగిస్తారు, తక్కువైతే మిగతాది అడుగుతారు. ఈ పని నాకివ్వండని నువ్వే అడుగు, ఎవరూ పోటీకి రారు. లక్ష అడుగుల బిల్డింగులో 10,000 అడుగుల టెనెంటు వాటా 10 శాతం. కానీ భాగించాల్సింది మొత్తం బిల్డింగుతోనా, అద్దెకి పోయిన భాగంతోనా? 80,000 అడుగులే నిండి ఉంటే రెండో పద్ధతిలో అదే టెనెంటు వాటా 12.5 శాతం అవుతుంది. ఖాళీ అంతస్తుల లిఫ్టు ఖర్చు, సెక్యూరిటీ ఖర్చు ఉన్నవాళ్ల మీద పడుతుందన్నమాట. ఏది సరి అనేది లీజే చెప్పాలి. రూఫ్ మొత్తం కొత్తగా వేయించిన ఖర్చు మామూలు మెయింటెనెన్స్‌లో కలపొచ్చా అనేదీ అంతే. ఈ లెక్కని టెనెంటు అకౌంటెంట్ ఎదురుగా కూర్చుని బిల్లు బిల్లుగా ఒప్పించగలిగితే, రేపు నువ్వు బ్రోకర్‌గా వెళ్లినప్పుడు ఆ షరతు ఎలా రాయించాలో నీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

పరుల డబ్బు విషయంలో మాత్రం నేను మొండివాణ్ణి. డిపాజిట్లు, వసూలైన అద్దెలు ఓనర్‌వీ టెనెంట్‌వీ. ఒక్కరోజుకైనా కంపెనీ ఖాతాలోనో నీ ఖాతాలోనో కలవకూడదు. ఈ వృత్తికి ఇది పాత జబ్బే. 1933లో అమెరికాలో ఐరెమ్ అనే ప్రాపర్టీ మేనేజర్ల సంస్థ పుట్టినప్పుడు సభ్యులు ఒప్పుకున్న మొదటి నియమాల్లో క్లయింట్ల డబ్బు సొంత డబ్బుతో కలపకపోవడం ఒకటి, ఏ రూపంలో కమీషన్ ముట్టినా క్లయింటుకి చెప్పేయడం ఇంకొకటి. లిఫ్టు కాంట్రాక్టరు పండక్కి పంపే బహుమతి కూడా ఈ రెండోదాని కిందికే వస్తుంది. ఆ సంస్థ ఇచ్చే సీపీఎం (సర్టిఫైడ్ ప్రాపర్టీ మేనేజర్) అర్హత మంచిదే, పెట్టుబడి లెక్కల మీద ఆసక్తి ఉంటే వేరే సంస్థ ఇచ్చే సీసీఐఎం అనే కమర్షియల్ ఆస్తుల పెట్టుబడి అర్హత కూడా. కానీ రెండేళ్లు పని చేశాకే చదువు, అప్పుడే తలకెక్కుతుంది.

బ్రోకరేజ్‌కి మారినప్పుడు ఆఫీసులో, షాపులో, గోదాములో, ఏదో ఒకటే పట్టుకో, ఒకే ప్రాంతం పట్టుకో. గోదాము అడిగేవాడికి సీలింగ్ ఎత్తు, ఫ్లోర్ మోయగల బరువు, ట్రక్కు తిరిగే జాగా కావాలి. షాపు అడిగేవాడు పక్క షాపులో ఏముందో అడుగుతాడు. అన్నీ తెలిసినట్టు మాట్లాడేవాళ్ల దగ్గర ఏ ఒక్కటీ లోతుగా ఉండదు. నీ ప్రాంతంలో ఏ టెనెంటు ఎక్కడున్నాడు, ఎన్ని అడుగులు, లీజు ఎప్పుడు ముగుస్తుంది, ఈ పట్టిక సొంతంగా తయారుచేసుకో. గడువుకి ఏడాదిన్నర ముందు చేసే ఫోన్‌కి విలువుంటుంది, మూడు నెలల ముందు చేస్తే అప్పటికే ఇంకెవరో కూర్చుని ఉంటారు. ఎవరి తరఫున పనిచేస్తున్నావో మొదటి మీటింగులోనే చెప్పి కాగితం మీద పెట్టు. ఇద్దరి తరఫునా ఉండాల్సి వస్తే ఇద్దరి అంగీకారమూ రాతలో ఉండాలి, అదీ చట్టం ఒప్పుకున్న చోట. నా మట్టుకు నేనైతే ఇద్దరి తరఫునా ఉండకుండా తప్పుకోవడమే మేలంటాను.

ఇక ఆఫర్ల దగ్గరికి వద్దాం. మేనేజ్‌మెంట్ కంపెనీని రెండు ప్రశ్నలడుగు. ఒక్కొక్కరి మీద ఎన్ని బిల్డింగులు పెడతారు? లీజులు, సర్దుబాటు లెక్కలు కొత్తవాళ్ల చేతికిస్తారా, లేక కంప్లయింట్ ఫోన్లు ఎత్తడమేనా? ఫోన్లు ఎత్తడమే అయితే నేను పైన చెప్పిందంతా చెల్లదు, బావగారు చెప్పిన బ్రోకరేజ్ కంపెనీలోనే చేరు. అప్పుడు వాళ్లని అడగాల్సినవి వేరే: మొదటి ఏడాది నెలనెలా కొంత ఇస్తారా, ఇస్తే అది జీతమా, తర్వాత కమీషన్‌లో కోసుకునే అడ్వాన్సా? మానేస్తే, అప్పటికి సగంలో ఉన్న డీల్స్ మీద నీ వాటా ఇస్తారా? మానేశాక అదే ప్రాంతంలో పనిచేయకూడదన్న షరతుందా?

రెండు ఆఫర్ లెటర్లూ అన్ని పేజీలూ ఫోటో తీసి పంపు. ఆదివారం ఫోన్ చెయ్యి. బావగార్ని కూడా పక్కన కూర్చోబెట్టు.

మావయ్య