తెగులు తట్టుకునే వరి, గోధుమ రకాల పరిశోధనను నడిపించేవారు మొదట దేన్ని పట్టించుకోవాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. ధాన్యపు పంటల్లో తెగుళ్లు తట్టుకునే రకాలు తయారుచేసే బృందాన్ని కొత్తగా మీ చేతికి ఇచ్చారు. ఒక్క పోస్టు ఖాళీగా ఉంది. మార్కర్ల (మొక్కలో ఒక జన్యువు ఉందో లేదో చూపే డీఎన్‌ఏ గుర్తుల) ల్యాబ్ తెలిసినవారిని తీసుకోవాలా, తెగుళ్ల శాస్త్రవేత్తను తీసుకోవాలా అని అడుగుతున్నారు. బలమైన జన్యువు ఒకటి మంచి రకంలోకి ఎక్కిస్తే పని అయిపోదా అని కూడా అడిగారు.

తెగుళ్ల శాస్త్రవేత్తను తీసుకోండి. ఏళ్ల తరబడి ఇలాంటి బృందాన్ని నడిపాక చెబుతున్నాను, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. మార్కర్ పరీక్షలు బయట చేయించుకోవచ్చు. ఆకు ముక్కలు పంపితే ఏ మొక్కలో ఏ జన్యువు ఉందో పట్టిక వచ్చేస్తుంది. మీ మడిలో తెగులును సరైన వేళకు, సరైన తీవ్రతతో పుట్టించి, దాన్ని నిజాయితీగా చదివే మనిషి మాత్రం బయట దొరకరు.

బ్రీడింగ్ చదువుకుని వచ్చినవాళ్లం సహజంగా మొక్క వైపు నుంచే ఆలోచిస్తాం. ఏ తల్లిలో ఏ జన్యువు ఉంది, ఎన్ని బ్యాక్‌క్రాస్‌లు (వచ్చిన సంకరాన్ని మళ్లీ మంచి రకంతోనే సంకరం చేయడం) చేయాలి అనే లెక్కలతోనే రోజు గడిచిపోతుంది. కానీ ఈ పని మొత్తం నిలబడేది స్క్రీనింగ్ నర్సరీ మీద, అంటే కావాలని తెగులు తెప్పించి లైన్లను (ఇంకా విడుదల కాని కొత్త వంగడాలను) పరీక్షించే మడి మీద. తెగులు పడని మడిలో ప్రతి లైనూ తట్టుకునే లైనులాగే కనిపిస్తుంది. అందుకే నర్సరీలోకి దిగగానే నేను కొత్త లైన్ల వైపు చూడను, ముందు చెక్ రకం, అంటే పోల్చి చూడటానికి వేసే, తెగులు తేలిగ్గా సోకే రకం వేసిన సాళ్ల దగ్గరికి వెళ్తాను. వరి అగ్గితెగులు నర్సరీలో 0 నుంచి 9 దాకా స్కోరు వేస్తాం, సంఖ్య పెరిగేకొద్దీ తెగులు ఎక్కువన్నమాట. చెక్ 8కో 9కో చేరి, ఆకులు మాడిపోయి ఉంటేనే పక్క సాళ్ల స్కోర్లకు అర్థం ఉంటుంది.

ఒకసారి మా బృందంలోని యువ శాస్త్రవేత్త ఒకరు చాలా సంతోషంగా వచ్చారు. ఆమె తయారుచేసిన లైను ఒకటి స్కోరు 1లో నిలిచింది. ఇద్దరం కలిసి మడికి వెళ్లాం. ఆ లైను గట్టుకు ఆనుకుని, గాలి బాగా తగిలే మూలన ఉంది. దాని పక్కన ఉన్న చెక్ సాలు స్కోరు 4 దగ్గరే ఆగిపోయింది. మడి మధ్యలో అదే చెక్ పూర్తిగా మాడిపోయి ఉంది. అగ్గితెగులు శిలీంధ్రపు బీజాలు (స్పోర్లు) మొలకెత్తి ఆకులోకి దిగాలంటే ఆకు గంటల తరబడి తడిగా ఉండాలి. ఆ మూలన పొద్దున్నే గాలికి మంచు ఆరిపోతోంది, తెగులు దిగడానికి అవకాశమే రాలేదు. ఆ సంఖ్యను కొట్టేసి, తర్వాతి సీజన్‌లో అదే లైనును మడి నడుమ వేశాం. స్కోరు 7 వచ్చింది. ఆమెకు కష్టంగానే అనిపించింది, కానీ ఆ 1ని నమ్మి ముందుకు వెళ్లి ఉంటే ఆ లైను మీద సంకరణాలు, విత్తన పెంపకం, బహుళ ప్రాంతాల ప్రయోగాలు అన్నీ నడిచేవి. నాలుగైదేళ్లు పోయేవి.

ఇలాంటి చోట నిక్కచ్చిగా ఉండాల్సింది బృందం నడిపేవారే. ప్రతి కొన్ని సాళ్లకూ ఒక చెక్ సాలు ఉండాలి. మడి చుట్టూ తెగులు తేలిగ్గా సోకే రకాన్ని ముందుగానే విత్తి, అది తెగులును మడి అంతా సమానంగా పంచేలా చూడాలి. స్కోరు వేసేవారికి లైను పేరు తెలియకూడదు, నంబరు మాత్రమే తెలియాలి. తన చేత్తో సంకరం చేసిన లైనుకు తానే స్కోరు వేసుకుంటే, ఎంత మంచివారైనా కన్ను మెత్తబడుతుంది.

బ్యాక్టీరియా ఎండాకు తెగులు సంగతి కొంచెం వేరు. అక్కడ మనమే ఒక్కో మొక్కకూ తెగులు ఎక్కిస్తాం. బ్యాక్టీరియా కలిపిన ద్రావణంలో కత్తెర ముంచి, పూర్తిగా విచ్చుకున్న ఆకుల కొసలు కత్తిరిస్తాం. రెండు వారాలకు కత్తిరించిన చోటు నుంచి ఆకు ఎంత మేర ఎండిందో స్కేలుతో కొలుస్తాం. మచ్చ 5 సెంటీమీటర్ల లోపే ఆగితే ఆ మొక్క తట్టుకున్నట్టు, 15 దాటితే లొంగిపోయినట్టు. చూడటానికి ఇంత సులువైన పని లేదు, కానీ పాడు చేసుకోవడమూ అంతే సులువు. కత్తెరను ప్రతి దుబ్బుకూ మళ్లీ ముంచాలి. ల్యాబ్‌లో పదే పదే మార్చి పెంచిన బ్యాక్టీరియా కల్చర్ తెగులు తెప్పించే పదును కోల్పోతుంది, కాబట్టి అప్పుడప్పుడు మొక్క మీద తెగులు తెప్పించి, ఆ మచ్చ నుంచి బ్యాక్టీరియాను మళ్లీ వేరుచేసుకోవాలి. పదును తగ్గిన కల్చర్‌తో పరీక్షిస్తే బలహీనమైన లైన్లు కూడా బలంగా కనిపిస్తాయి. ఇలాంటివి కనిపెట్టుకుని ఉండే మనిషి కోసమే ఆ పోస్టు వాడమంటున్నాను.

ఇక ఒక్క బలమైన జన్యువు చాలదా అన్న ప్రశ్న. 1940లలో హెచ్.హెచ్. ఫ్లోర్ అనే అమెరికన్ తెగుళ్ల శాస్త్రవేత్త అవిసె తుప్పు తెగులు మీద పనిచేసి తేల్చిన విషయం ఇప్పటికీ ఈ రంగానికి పునాది. మొక్కలోని ఒక్కో నిరోధక జన్యువుకు రోగకారకంలో జోడీగా ఒక జన్యువు ఉంటుంది. ఆ జోడీ మారిపోతే మొక్క శత్రువును గుర్తుపట్టలేదు. శిలీంధ్రం కోట్లాది బీజాలు పుట్టిస్తుంది, వాటిలో మారినది ఒక్కటి చాలు. మీరు విడుదల చేసిన రకం ఎంత విస్తారంగా సాగైతే, ఆ ఒక్క బీజానికి అంత పెద్ద పొలం సిద్ధంగా ఉంటుంది.

గోధుమలో జరిగింది ఇదే. రై అనే ధాన్యపు పంట నుంచి గోధుమలోకి తెచ్చిన ఎస్‌ఆర్31 అనే జన్యువు కాండం తుప్పును దశాబ్దాల పాటు అడ్డుకుంది. ప్రపంచమంతటా లెక్కలేనన్ని రకాల్లోకి అది చేరింది. 1998లో ఉగాండాలో ఆ జన్యువున్న మొక్కల మీదే తుప్పు కనిపించింది. యూజీ99 అని పేరు పెట్టిన ఆ తెగ (అదే తుప్పు శిలీంధ్రంలో మారిన రకం) అక్కడితో ఆగలేదు. 2006లో, 2007లో కెన్యాలో దాని కొత్త రూపాలు ఎస్‌ఆర్24, ఎస్‌ఆర్36 జన్యువులను కూడా దాటేశాయి. కెన్యాలోని న్‌జోరోలో ఏర్పాటైన నర్సరీకి ఎన్నో దేశాలు తమ గోధుమ లైన్లను పరీక్షకు పంపుతున్నాయి. ప్రమాదం గుమ్మం దాకా రాకముందే తమ రకాలు దాన్ని తట్టుకుంటాయో లేదో తెలుసుకోవాలంటే అంతకంటే మంచి దారి లేదు.

కాబట్టి ఏటా మీ ప్రాంతమంతా తిరిగి తెగులు నమూనాలు సేకరించండి. ఏ తెగ పెరుగుతోంది, ఏ జన్యువు మీద మచ్చలు మొదలయ్యాయి అన్నది మీకు రైతుల కంటే ముందు తెలియాలి. పరిశోధన నిధుల దరఖాస్తుల్లో ఈ సర్వేకి ఎప్పుడూ అడుగున చోటిస్తారు, కోత పడితే మొదట పడేదీ దానికే. మీరు ఒప్పుకోకండి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది మధ్యస్థంగా తట్టుకునే లైన్లను కాపాడుకోవడం. ఎంపిక సమావేశంలో అందరి కన్నూ మచ్చే లేని సాలు మీద పడుతుంది. 20 శాతం తుప్పు ఉన్న లైనును తీసేద్దాం అంటారు. ఆ 20 శాతం ఎలా వచ్చిందో చూడాలి. చెక్ రెండు వారాల్లో పూర్తిగా తుప్పు పట్టినచోట, ఈ లైను మెల్లగా, చిన్న చిన్న పొక్కులతో, సీజన్ చివరికి 20 దగ్గర ఆగిందంటే అది బంగారం. గోధుమలో ఎల్‌ఆర్34 అనే జన్యువు ఇలాంటిదే. ఆకు తుప్పు, పసుపు తుప్పు, కాండం తుప్పు, బూడిద తెగులు నాలుగింటినీ కొంత కొంత నెమ్మదింపజేస్తుంది, దేన్నీ పూర్తిగా ఆపదు. అయినా యాభై ఏళ్లకు పైగా పనిచేస్తూనే ఉంది. 2009లో ఆ జన్యువును వేరుచేసి చూస్తే, అది తయారుచేసేది శత్రువును గుర్తుపట్టే ప్రోటీన్ కాదని, పదార్థాలను కణపొర దాటించే ప్రోటీన్ అని తేలింది. గుర్తుపట్టడం మీద ఆధారపడని రక్షణను తప్పించుకోవడం శిలీంధ్రానికి చాలా కష్టం.

ఈ గుణం ఒక్క రోజు స్కోరులో కనిపించదు. తెగులు మొదలైన దగ్గర్నుంచి వారానికోసారి స్కోరు వేసి, తెగులు పెరిగిన తీరును గ్రాఫ్ గీయండి. ఆ గ్రాఫ్ చేతిలో ఉంటే సమావేశంలో మధ్యస్థ లైన్ల తరఫున వాదించడానికి మీకు బలం ఉంటుంది. ఇలా కొంచెం కొంచెం పనిచేసే జన్యువులు నాలుగో ఐదో ఒకచోట చేరితే తుప్పు దాదాపు ఆగిపోతుంది. వాటిని ఒకచోటికి చేర్చడమే బ్రీడర్ పని.

ఇదంతా విని మార్కర్లు అక్కర్లేదని అనుకోకండి. అవి లేకుండా జరగని పనులు ఉన్నాయి. సాంబ మసూరికి ఎండాకు తెగులు తట్టుకునే శక్తి ఎక్కించిన పని దీనికి మంచి ఉదాహరణ. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీ కలిసి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు జన్యువులను అందులో చేర్చాయి. ఆ రకం 2008లో విడుదలైంది. వీటిలో ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అంతర్గత (రిసెసివ్) గుణాలు, అంటే తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే పనిచేసేవి. బ్యాక్‌క్రాస్ తరాల్లో అవి మొక్కలో ఉన్నా బయటపడవు. పైగా ఎక్స్‌ఏ21 ఒక్కటి ఉన్న మొక్కా, మూడూ ఉన్న మొక్కా కత్తెర పరీక్షలో ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. ఏది ఏదో కన్ను చెప్పలేదు, మార్కరే చెప్పాలి.

గింజ నాణ్యత విషయంలో కూడా మార్కర్లు కాపాడతాయి. జపాన్‌లో పీఐ21 అనే జన్యువు ఉన్న మెట్ట వరి అగ్గితెగులును చాలాకాలంగా బాగా తట్టుకునేది. కానీ దాన్ని ఎక్కించిన ప్రతిసారీ అన్నం రుచి పాడయ్యేది. జన్యువు జాడ కచ్చితంగా దొరికాక తెలిసింది, రుచి పాడు చేసేది ఆ జన్యువు కాదు, దాన్ని ఆనుకుని ఉన్న ఇంకొకటి. ఆ రెంటినీ విడదీసిన మొక్క దొరికాక తెగులుకు నిలిచే, రుచి కూడా ఉన్న వరి సాధ్యమైంది. 2009లో ఈ ఫలితాలు వచ్చాయి. తెగులు తట్టుకుంటుంది గానీ తినలేం అనే రకాన్ని రైతు రెండో ఏడు విత్తడు. అందుకే నాణ్యత పరీక్షను చివరికి వాయిదా వేయకండి, మొదటి బ్యాక్‌క్రాస్‌ల నుంచే పెట్టండి.

జీన్ ఎడిటింగ్ (మొక్క జన్యువులో కోరిన చోట మార్పు చేయడం) గురించి అందరూ అడుగుతారు కాబట్టి రెండు మాటలు. ఎండాకు తెగులు బ్యాక్టీరియా మొక్కలోని చక్కెర పంపే జన్యువులను తనకోసం తెరిపించుకుంటుంది. ఆ తాళం దగ్గర చిన్న మార్పు చేస్తే దానికి తిండి అందదు. 2019లో పరిశోధకులు వరిలో దీన్ని చేసి చూపించారు. మంచి దారే. కానీ ఎడిట్ చేసిన మొక్కను కూడా చివరికి పరీక్షించేది అదే నర్సరీలో, అదే చెక్ పక్కన.

సమయం గురించి పైవారికి మొదటి రోజే నిజం చెప్పండి. లైట్లు ఎక్కువ గంటలు వెలిగించే స్పీడ్ బ్రీడింగ్‌తో గోధుమలో ఏడాదికి ఆరు తరాల దాకా తీయవచ్చు. తరాలు వేగంగా వస్తాయి గానీ, పొలంలో తెగులు సీజన్ ఏడాదికి ఒకటో రెండో వస్తుంది, దాన్ని మనం తొందరపెట్టలేం. మూడేళ్ల ప్రాజెక్టు అంటే రకం రాదు. నమ్మదగిన తల్లి లైన్లు, నిల్వచేసిన తెగులు కల్చర్లు, తెగల పటం వస్తాయి. వాటినే ఫలితాలుగా రాసి ఒప్పించుకోండి.

చివరగా ఆ పోస్టు గురించి. ఇంటర్వ్యూ గదిలో పెట్టకండి, మడి గట్టు మీద పెట్టండి. తెగులు బాగా పడిన కొన్ని సాళ్లు చూపించి స్కోరు వేయమనండి. కాసేపు వేరే మాటలు మాట్లాడి, అవే సాళ్లకు నంబరు పలకలు మార్చి మళ్లీ వేయించండి. రెండుసార్లూ స్కోర్లు దగ్గరగా వచ్చినవారిని, స్కోరు వేసే ముందు "చెక్ ఎక్కడుంది?" అని అడిగినవారిని తీసుకోండి.